కాడలు నానేలోపు

అందరికీ నమస్కారమండి. మాట మొదలుపెట్టే ముందు ఈ వరికంకుల కాడల్ని నీళ్ళలో వేస్తున్నాను. చూడండి, కంకులు బేసిను అంచు బయటికి వేలాడుతున్నాయి, కాడలు మాత్రమే మునిగాయి. గింజ తడిస్తే బూజు పడుతుంది, లేదా మొలకెత్తుతుంది. కాడ నానకపోతే అల్లేటప్పుడు పుటుక్కున విరుగుతుంది. నానడానికి అరగంట పడుతుంది. నాకిచ్చిన టైమూ అరగంటే. ఈలోపు మన చుట్టూ ఉండే జీవాల్ని ఎలా చూసుకోవాలో చెబుతాను, ఆ తరవాత పిల్లలు ముందుకొస్తే పిచ్చుకలకి చూరు కింద వేలాడదీసే కంకుల కుచ్చు అల్లుకుందాం.

ఇవి దాళ్వా, అంటే రెండో పంట వరి కంకులండి. ఇప్పుడు మన దగ్గర కోతంతా మిషనే. మిషను తిరిగిన చేలో కుచ్చుకి పనికొచ్చే కంకి ఒక్కటి మిగలదు. అయితే మిషను మలుపు తిరగాలంటే చేను మూలలు ముందే కొడవలితో కోసి చోటు చెయ్యాలి కదా, ఆ మూలల పనలే మనకి ఆధారం. గింజ నూటికి 80 పాళ్ళు పండి, కాడలో ఇంకా పచ్చి ఉన్నప్పుడే కొయ్యాలి. పూర్తిగా పండాక కోస్తే కుచ్చు కట్టేలోపే సగం గింజ చాప మీదికి రాలిపోతుంది. పైకణుపు దగ్గర తెంపి ఆకు తొడుగు ఒలిచేస్తే నున్నటి కాడ మిగులుతుంది. నీడనే ఆరబెట్టాలి, ఎండలో పెడితే పెళుసెక్కుతుంది. ఆఖరి మందు కొట్టి నెల దాటిన మడిలోదే తీసుకోండి. మందు పట్టించి విత్తనశుద్ధి చేసిన ధాన్యం మిగిలిందని పిట్టలకి చల్లేవాళ్ళున్నారు. రంగు పట్టిన ఆ గింజ విషమండి, దాన్ని ఏ జీవానికీ వెయ్యకూడదు.

ఇంకో లెక్క చెబుతాను. స్వర్ణ రకం గింజలు వెయ్యి తూస్తే 20 గ్రాములు, అటూ ఇటూ. కంకికి 120 గింజలు వేసుకున్నా, 100 కంకుల కుచ్చులో ఉండేది పావుకిలో ధాన్యం. పిచ్చుక బరువే 25, 30 గ్రాములు, రోజుకి తినేది 5, 6 గ్రాములు. అంటే మీ చూరు కింద పది పిచ్చుకలుంటే ఒక్క కుచ్చు వాటికి నాలుగు రోజుల గ్రాసం. సంక్రాంతికి ఒకటి కట్టేసి ఏడాదంతా వదిలేస్తే మిగిలేది గడ్డి బొమ్మే. ఫొటోకి బాగుంటుందనుకోండి.

ఈ లెక్కలన్నీ ఎందుకంటే, మన గోదావరి ఊళ్ళలో జీవాల మీద ప్రేమకి లోటు లేదు. పద్ధతి దగ్గరే తేడా వస్తోంది. ప్రేమతో పాలు పట్టి ఉడత పిల్లని చంపుతాం, ప్రేమతో అన్నం పెట్టి ఆవుని పడగొడతాం. పందెం కోడి సంగతి సరేసరి. బాదంపప్పు తినిపించి, ఈత కొట్టించి, కన్నకొడుకులా చూసుకుని, భోగి నాటికి కాలికి కత్తి కడతాం. దాని గురించి మాట్లాడితే ఈ అరగంట చాలదు, పైగా సగం మంది లేచి వెళ్ళిపోతారు.

పిచ్చుక దగ్గరికే వద్దాం. కుచ్చు కడితే పెద్ద పిచ్చుక వస్తుంది. పిల్లలు నిలబడాలంటే రెండు కావాలి, గూటికి చోటు, పురుగు. పెంకుటింట్లో, తాటాకింట్లో దూలానికీ కప్పుకీ మధ్య సందు దానికి ఊరికే దొరికేది. స్లాబు ఇంట్లో ఆ సందు లేదు. అందుకని చెక్కపెట్టె పెట్టండి. అడుగు 6 అంగుళాలు పొడవూ వెడల్పూ ఉంటే చాలు. ముందు కన్నం 32 మిల్లీమీటర్లు, అంటే అంగుళంపావు. కన్నం అంతకన్నా పెద్దదయితే గోరింక దూరి కాపురం పెడుతుంది. కన్నం కింద వాలడానికి పుల్ల పెట్టకండి. పిచ్చుకకి అది అక్కర్లేదు, కాకి కూర్చుని పిల్లల్ని లాగడానికి మాత్రం బాగా పనికొస్తుంది. పడమటెండ తగలని గోడకి, 8 అడుగుల పైన, సీలింగు ఫ్యానుకి దూరంగా బిగించండి. ఒక్క పెట్టెతో ఆపకండి, పిచ్చుకలు ఇరుగుపొరుగు లేకపోతే కాపురం చెయ్యవు. గుడ్లు పొదగడానికి 12 రోజులు, పిల్ల ఎగరడానికి ఇంకో 15 రోజులు పడుతుంది, ఒకటి రెండు రోజులు తేడాగా. మొదటి రోజుల్లో పిల్లకి తల్లి పెట్టేది ప్రధానంగా పురుగే, గింజ కాదు. పెరట్లో గోరింట చెట్టు మీద గొంగళిపురుగు కనపడగానే మందు పట్టుకొచ్చే ఇంట్లో పెట్టె కట్టి లాభం లేదండి.

నీళ్ళ సంగతి తొందరగా చెప్పేస్తాను. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు, అది ఇంకెంతో దూరంలో లేదు. మట్టి మూకుడు, రెండంగుళాల లోతు, మధ్యలో ఒక రాయి. లోతు గిన్నెలో పడ్డ పిట్ట పైకి రాలేదు. ప్లాస్టిక్కు గిన్నె మధ్యాహ్నానికి వేడెక్కిపోతుంది. రోజూ పొద్దున్నే నీళ్ళు పారబోసి కొత్తవి పోయండి, వారానికి రెండుసార్లు పీచుతో తోమి ఎండబెట్టండి. డెంగీ దోమ గుడ్డు నుంచి దోమ కావడానికి ఈ ఎండల్లో వారం, పది రోజులు చాలు. పక్షికి పెట్టిన నీళ్ళు మన పిల్లల మీదికి రాకూడదు కదా. పిల్లి నక్కే పొద పక్కన పెట్టకండి.

కొబ్బరి దింపు రోజున చెట్టు మీంచి ఉడత గూడు జారి పడుతుంది. కళ్ళు తెరవని పిల్లలు ఉంటాయి. ఇంట్లో పిల్లలు వెంటనే ఆవుపాలు తెచ్చి ఇంకు ఫిల్లరుతో పోస్తారు. ఆవుపాలు వాటికి అరగవు, విరేచనాలై ఒకటి రెండు రోజుల్లో పోతాయి. అసలు ముందు కావలసింది వెచ్చదనం. అట్టపెట్టెలో పాత నూలుగుడ్డ వేసి, గోరువెచ్చని నీళ్ళ సీసాని గుడ్డలో చుట్టి పక్కన పెట్టండి. ఒళ్ళు చల్లగా ఉన్న పిల్లకి ఏదీ పట్టకూడదు. వెచ్చబడ్డాక ఆ పెట్టెని అదే చెట్టు మొదట్లో, చీమలు ఎక్కకుండా, మూత తీసి పెట్టి, మీరు దూరంగా వెళ్ళిపోండి. తల్లి వచ్చి మెడ పట్టుకుని ఒక్కొక్కదాన్నీ మోసుకుపోతుంది. మీరు పక్కనే నిలబడి వీడియో తీస్తుంటే రాదు. సాయంత్రం దాకా రాకపోతే అప్పుడు పశువుల డాక్టరుగారిని అడగండి.

పిట్ట పిల్లలకి ఇంకో సూత్రం. ఈకలు లేకుండా ఎర్రగా ఉంటే ఎత్తి గూట్లో పెట్టేయండి. మనిషి చెయ్యి తగిలితే తల్లి రానివ్వదనేది వట్టి మాట. ఈకలొచ్చి గెంతుతుంటే దాన్ని వదిలేయండి, అది ఎగరడం నేర్చుకుంటోంది, తల్లీ తండ్రీ పక్క కొమ్మ మీదే ఉంటారు. పిల్లిని మాత్రం ఒక పూట ఇంట్లో పెట్టండి. దెబ్బతిన్న పక్షి నోరు తెరిచి నీళ్ళు పోయకండి. ఊపిరి పీల్చే కన్నం నాలుక మొదట్లోనే ఉంటుంది, చుక్క అందులోకి దిగిందంటే ఊపిరితిత్తుల్లోకే.

కుక్క గురించి రెండు మాటలు. పిల్లకి మూడు నెలల వయసులో రేబిస్ టీకా, తరవాత ఏటా ఒకటి. కాల్చిన కోడి ఎముక, చేప ముల్లు పెట్టకండి. పుస్తెలమ్మైనా పులస తినమన్నారు గానీ, ఆ ముళ్ళన్నీ ఏరి కుక్క పళ్ళెంలో వెయ్యమని ఎవరూ చెప్పలేదు. వీధికుక్కయినా పెంపుడు కుక్కయినా కరిస్తే పసుపు, సున్నం, కారం ఏదీ అద్దకూడదు. ధారగా పడే నీళ్ళ కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. మొదటి సూదితో నొప్పి తగ్గిందని మానేయకుండా చెప్పిన డోసులన్నీ వేయించుకోవాలి.

ఇక వరద. ఎక్కువ సేపు దీని మీదే ఉంటాను, గోదావరి మధ్య లంకల నుంచి వచ్చినవాళ్ళు చాలామంది కనబడుతున్నారు.

పునరావాస కేంద్రానికి రమ్మని అధికారులు పడవ పంపుతారు. ఇంట్లో అందరూ ఎక్కుతారు, మామ్మ ఎక్కదు. "గేదెని ఎవరు చూస్తారురా" అంటుంది. దాన్ని మొండితనం అనుకుంటాం. పదేళ్ళు చేత్తో గడ్డి వేసిన మనిషికి ఆ గేదె ఇంటి మనిషే. గేదె ఎక్కడికి వెళ్తుందో ముందే తెలిస్తే మామ్మ అందరికన్నా ముందు చెంగు దోపుకుని గుమ్మంలో నిలబడుతుంది. కాబట్టి పశువుకి ఏర్పాటు చెయ్యడమంటే ఇంట్లో పెద్దవాళ్ళ ప్రాణానికి ఏర్పాటు చెయ్యడమేనండి.

ఆ ఏర్పాటు ఈ నెలలోనే మొదలవ్వాలి. పశువులకి వచ్చే గొంతువాపు, జబ్బవాపు రోగాల టీకాలు వానలకి ముందే పడాలి. టీకా పనిచెయ్యడానికి రెండు మూడు వారాలు పడుతుంది, నీళ్ళు వచ్చాక వేయిస్తే అందదు. గాలికుంటుకి ఏడాదికి రెండుసార్లు. పశువు చెవికి వేసిన పసుపు ట్యాగు మీద 12 అంకెలుంటాయి, అవి పుస్తకంలో రాసుకోండి, ఫోనులో ఫొటో తీసుకోండి. ఏటిగట్టు మీద వంద గేదెలు కలిసిపోయినప్పుడు, పరిహారం రాసేటప్పుడు ఆ అంకెలే సాక్ష్యం. కుక్క మెడ పటకా లోపలి వైపు మీ ఫోను నంబరు చెరగని ఇంకుతో రాయండి. గట్టు ఇవతల ఊళ్ళో ఎవరి దొడ్లో కట్టుకోవచ్చో ఇప్పుడే మాట తీసుకోండి. గేదెకి రోజుకి 6, 7 కిలోల ఎండుగడ్డి చొప్పున మూడు రోజులకి 20 కిలోలు, టార్పాలిను చుట్టి, మెరకన ఉంచండి.

ఎప్పుడు కదలాలి? ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. భద్రాచలం దగ్గర అవే 43, 48, 53 అడుగులు. మనుషులు రెండో హెచ్చరిక దాకా ఆగుతారేమో గానీ, పశువుల్ని భద్రాచలంలో మొదటి హెచ్చరిక ఇచ్చినప్పుడే కదపాలి. కనకాయలంక వైపు వాళ్ళకి చెప్పక్కర్లేదు, ముందు మునిగేది ఏటి పాయ మీది కాజ్‌వే. అది మునగకముందు గేదె నడిచి దాటుతుంది, మునిగాక పడవ ఎక్కించాలి. బెదిరిన గేదె ఒక పక్కకి ఒరిగితే పడవే ఒరుగుతుంది. వరద ఆగస్టులో కదా అని ధీమాగా ఉండకండి. 1986లో ఆగస్టులోనే వచ్చింది నిజమే, 2022లో మాత్రం జూలైలోనే మూడో హెచ్చరిక దాటింది.

వానాకాలమంతా పశువుని కట్టే తాడు, పలుపు, ఎలా కడుతున్నారో చూసుకోండి. పీటముడి వేస్తే తడిసి బిగుస్తుంది, చీకట్లో మోకాలి లోతు నీళ్ళలో వేళ్ళతో విప్పలేరు. కొస లాగితే జారిపోయే ముడి వెయ్యండి, దొడ్డి దూలానికి ఒక కత్తి దోపి ఉంచండి. తోలుకెళ్ళే వీలు లేకపోతే, కట్టేసి మాత్రం వదలకండి. మెడలో తాడు కూడా పూర్తిగా తీసెయ్యాలి, ఈడ్చుకుపోయే తాడు కొబ్బరి మొద్దుకో కంచెకో తగులుకుంటే అక్కడే మునిగిపోతుంది. గేదెకి ఈత ఎవరూ నేర్పక్కర్లేదు, దాని మెడ ఖాళీగా ఉంటే చాలు. కోళ్ళ గంప ఎత్తేయండి, దొడ్డి తలుపు బార్లా తీసేయండి.

గట్టు మీదికి చేరాక దాతలొస్తారు. మంచి మనసుతో బస్తాల కొద్దీ అన్నం, నానబెట్టిన బియ్యం పశువుల ముందు కుమ్మరిస్తారు. రెండు రోజులు పస్తున్న ఆవు ఆత్రంగా తింటుంది. గడ్డికి అలవాటు పడ్డ ఆ పొట్టలో అంత పిండిపదార్థం ఒక్కసారిగా పులిసి ఆమ్లం అవుతుంది. పొట్ట కదలిక ఆగిపోతుంది, పళ్ళు కొరుకుతుంది, పుల్లటి వాసనతో పేడ నీళ్ళలా పోతుంది, మర్నాటికి లేవలేదు. పెళ్ళిళ్ళలో మిగిలిన అన్నం వీధావుకి పెట్టినా జరిగేది ఇదే. అప్పుడు గొట్టంతో నూనె పోయకండి, అది ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. 1962కి ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. సాయం చెయ్యాలనుకునేవాళ్ళు ఎండుగడ్డి పట్టుకురండి, మంచినీళ్ళ డ్రమ్ము పట్టుకురండి. ఎండల్లో పాడి గేదె రోజుకి 70, 80 లీటర్లు తాగుతుంది. వానల్లో కొంచెం తగ్గినా బిందెలతో మోసి మీరు నెగ్గలేరు.

నీళ్ళు తీశాక ఒండ్రు పట్టిన గడ్డి మీదికి వెంటనే తోలకండి. కోసి, మంచినీళ్ళలో జాడించి, ఆరబెట్టి వెయ్యండి. తడిసి బూజు పట్టిన గడ్డివామి పశువుకి వద్దు, చేలో ఎరువుకి పంపండి. దొడ్లోకి తోలే ముందు గడ్డి కుప్పలు, బుట్టలు కర్రతో కదిపి చూడండి, పాములు కూడా మనలాగే మెరక వెతుక్కుని వస్తాయి.

కాడలు నానాయి. వేలికి చుట్టి చూస్తున్నాను, విరగడం లేదు. మూడు పాయలు తీసుకోండి, పాయకి ఐదు కంకులు. కంకి మెడ కింద నూలుదారంతో బిగించండి. అక్కడి నుంచి ఆడపిల్లల జడలాగే. పాయ దాటించిన ప్రతిసారీ రెండు కొత్త కంకులు లోపల దూర్చాలి, కంకి బయటికి వేలాడాలి, కాడ జడలో కలిసిపోవాలి. బిగువు మీ చేతిలో ఉంటుంది. వదులుగా అల్లితే ఎండాక కాడ సన్నబడి కంకులు జారిపోతాయి, కాబట్టి తడి మీద గట్టిగా లాగండి. 100 కంకులు అయ్యాక మిగిలిన కాడల్ని వంచి ఉంగరంలా కట్టాలి. వేలాడదీయడానికి కొబ్బరి పీచు తాడు. నైలాను వద్దు, పిట్ట కాలికి చుట్టుకుంటే తెగదు.

ముందు వరసలో పిల్లలూ, ఇద్దరిద్దరుగా రండి. ఒకరు కంకులు అందించండి, ఒకరు అల్లండి. బామ్మగారూ, మీ వేళ్ళు మా అందరికన్నా తెలిసినవి, మీరు ఈ చాప మీద కూర్చోండి. ఆ బేసిను కొంచెం ఇటు జరపండమ్మా.