మళ్ళీ పోతున్నామంటే ముందు ఏం అడగాలె? నకూరు పల్లె సంఘాలకు రెండో ప్రయాణంపై చర్చ

నల్గొండ స్టూడియోలో జరిగిన చర్చ ఇది. సమన్వయకర్తతో పాటు ఒక పాస్టర్, గ్రామీణ నీటి సరఫరా తెలిసిన ఇంజనీర్, డాక్టర్, ట్రస్టుల లెక్కలు చూసే ఆడిటర్ పాల్గొన్నారు.

సమన్వయకర్త: ప్రేక్షకులందరికీ వందనాలు. కెన్యాలో నకూరు చుట్టుపక్కల పల్లె సంఘాలకు ఒకసారి పోయి వచ్చినవాళ్ళు, అక్కడి మనుషుల మీద ప్రేమతో మళ్ళీ పోదామంటున్నారు. నల్గొండ, పాలమూరు నుంచి పోయే అట్లాంటి బృందాల కోసమే ఈరోజు మాట్లాడుకుందాం. అయ్యగారూ, పని ఎక్కడ మొదలుపెట్టాలె? టికెట్లతోనా?

పాస్టర్: టికెట్లు చివరికి. ముందు ఒక కాగితం తీసుకొని పోయినసారి మనం అక్కడ ఇచ్చిన మాటలన్నీ రాయాలె. తిరిగొచ్చే రోజు కన్నీళ్ళ మీద ఎన్నో మాటలు ఇచ్చేస్తం. బైబిళ్ళు పంపిస్తమని, ఆ బోరుకు ఏమన్న చేస్తమని, ఒక పిల్లకు ఫీజు కడతమని. బృందంలో ఒక్కొక్కరిని విడివిడిగా అడిగితేనే ఆ లిస్టు పూర్తయితది. అందులో తీర్చినవి ఎన్ని, తీర్చనివి ఎన్ని? తీర్చనిదాన్ని పోకముందే తీర్చాలె, లేకపోతే మాతోని కాదని ఉత్తరం రాయాలె. అది మోసుకొని పోయి మళ్ళీ కౌగిలించుకుంటే అవతలివాళ్ళు మర్యాదకు నవ్వుతరు.

సమన్వయకర్త: ఆ తర్వాత?

పాస్టర్: అక్కడి పెద్దలకు మూడు ప్రశ్నలు పంపాలె. మేము పోయినసారి తెచ్చినవాటిలో ఇప్పటికీ వాడుతున్నవి ఏవి? మూలకు పడ్డవి ఏవి? ఈసారి మేము ఏది తేవద్దు? మూడోది తప్పకుండా అడగాలె. ఇంకొకటి, జవాబు ఒక్క పాస్టరు దగ్గరి నుంచే తీసుకోవద్దు. స్త్రీల సంఘం నుంచి కూడా వేరే రాయించాలె. పాస్టరు మైకు, కుర్చీలు అడుగుతడు. ఆడవాళ్ళు నీళ్ళ గురించి రాస్తరు. ఆరు వారాల గడువు ఇచ్చి, ఈ ఏడు వద్దు అంటే ఈ ఏడు పోకపోవడమే సరి.

అపొస్తలుల కార్యములు 15:36 చూడండి. వాక్యం చెప్పిన ప్రతి పట్టణానికి తిరిగిపోయి అక్కడి సహోదరులు ఎట్లున్నరో చూద్దామని పౌలు బర్నబాతో అంటడు. కొత్తగా ఏం చేద్దామని కాదు, ఎట్లున్నరో చూద్దామని. అంతకుముందు 14వ అధ్యాయంలో అదే దారిన వెనక్కి వచ్చినప్పుడు చేసిన పని ప్రతి సంఘానికి పెద్దలను ఏర్పరచడం. అంటే తాము లేకపోయినా నడిచేటట్లు చూసుకున్నరు.

ఈ విషయం మనకు వేరేవాళ్ళు చెప్పనవసరం లేదు. రష్యా నుంచి అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు 1889లో ఇండియాకు వచ్చి ఈ నల్గొండలోనే పని మొదలుపెట్టిన్రు. మన ముందుతరాలవాళ్ళు మిషనరీ రాకకు, సెలవు మీద పోకకు, మళ్ళీ వస్తడా రాడా అన్న ఎదురుచూపుకు అలవాటుపడ్డోళ్ళు. గుమ్మంలో నిలబడి ఎదురుచూసినోళ్ళ పిల్లలం మనం. ఆ జ్ఞాపకం పెట్టుకొని పోవాలె.

సమన్వయకర్త: ఎప్పుడు పోవాలె? మనోళ్ళు అందరూ మే నెల అంటరు, బడులకు సెలవులు కాబట్టి.

ఇంజనీర్: మే అస్సలు వద్దు. మార్చి నుంచి మే దాకా అక్కడ పెద్ద వానలు. మట్టి రోడ్ల మీద బండ్లు దిగబడతయి. మక్కచేన్లకు విత్తుడు, కలుపు తీసుడు అప్పుడే. మనం పోతే పనులు ఆపుకొని మన చుట్టూ కూర్చుంటరు. మనకు నాట్లప్పుడు ఎవరన్న పది రోజులు చుట్టాలుగా వస్తే ఎట్లుంటదో ఆలోచించుకోవాలె. ఆగస్టులో అక్కడి బడులకు సెలవులు ఉంటయి. చిన్న వానలు అక్టోబరులో మొదలవుతయి. ఆ నడుమ మంచిది.

డాక్టర్: చలి గురించి కూడా చెప్పాలి. భూమధ్యరేఖ దగ్గరే కదా అని మనవాళ్ళు పల్చని చొక్కాలతో వెళ్తారు. నకూరు సుమారు 1,850 మీటర్ల ఎత్తులో ఉంది. జూలై, ఆగస్టు రాత్రుళ్ళు స్వెటర్, మందపాటి దుప్పటి లేకుండా గడవవు. పెద్దవయసువాళ్ళకు మొదటి రెండు రోజులు మెట్లెక్కితే ఆయాసం వస్తుంది, ఆ రెండు రోజులు బరువు పనులు పెట్టకూడదు.

సమన్వయకర్త: ఇంజెక్షన్లు, కాగితాల సంగతి చెప్పండి డాక్టరమ్మ.

డాక్టర్: ఎల్లో ఫీవర్ టీకా హైదరాబాద్ నారాయణగూడలోని ఐపీఎంలో, అంటే ప్రభుత్వ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. వేసిన 10 రోజుల తర్వాతే అది చెల్లుతుంది. ఒకసారి వేసుకుంటే జీవితాంతం చాలు, ఆ నియమం 2016 నుంచి ఉంది. కాబట్టి రెండోసారి వెళ్ళేవాళ్ళకు సూది అక్కర్లేదు, అప్పుడు టీకా వేసినట్టు ఇచ్చిన పాత పసుపు కార్డు కావాలి. పోగొట్టుకునేది కూడా దాన్నే. ఈలోపు పాస్‌పోర్టు మారి ఉంటే కార్డు మీద పాత నంబరే ఉంటుంది, అందుకని పాత పాస్‌పోర్టు కూడా వెంట పెట్టుకోవాలి. కార్డు లేకుండా తిరిగొస్తే మన ఎయిర్‌పోర్టులో 6 రోజుల దాకా క్వారంటైన్ పెట్టవచ్చు. 60 దాటినవాళ్ళు, గర్భిణులు, గుడ్డు పడనివాళ్ళు డాక్టరును అడగకుండా ఈ టీకా వేసుకోకూడదు.

మలేరియా నకూరు ఎత్తులో తక్కువ. కానీ బృందాలు ఆదివారం తర్వాత విక్టోరియా సరస్సు వైపో, బరింగో వైపో వెళ్తాయి, అక్కడ ఎక్కువ. మలేరియా రాకుండా వేసుకునే మాత్ర డాక్సీసైక్లిన్ అయితే వెళ్ళడానికి ఒకటి రెండు రోజుల ముందు మొదలుపెట్టి, వచ్చాక 4 వారాలు వేసుకోవాలి. ఇంటికి రాగానే మానేయడమే అందరూ చేసే తప్పు. వచ్చిన నెలా రెండు నెలల్లో జ్వరం వస్తే, కెన్యా వెళ్ళొచ్చామని డాక్టరుకు ముందే చెప్పాలి.

సమన్వయకర్త: అక్కడ వైద్య శిబిరం పెడదామని చాలామంది అడుగుతుంటరు.

డాక్టర్: ఇక్కడి డాక్టరు అక్కడ ఒక్కరోజు రోగిని చూడాలన్నా కెన్యా మెడికల్ ప్రాక్టీషనర్స్ అండ్ డెంటిస్ట్స్ కౌన్సిల్ తాత్కాలిక లైసెన్సు కావాలి. మందులు తీసుకెళ్ళాలంటే వాళ్ళ ఫార్మసీ అండ్ పాయిజన్స్ బోర్డు అనుమతి కావాలి. ఈ రెండూ ఉన్నా నేను బీపీ, షుగర్ మాత్రలు పంచవద్దంటాను. పది రోజులు వేసుకొని ఆపేస్తే ఆ మనిషికి ఒరిగేది లేదు. మా మందు పేరు అక్కడి దుకాణంలో దొరకదు కూడా. బీపీ చూసి, ఎక్కువున్నవాళ్ళ పేరు, అంకె రాసి, అక్కడి ఆరోగ్య కేంద్రం నర్సు చేతికి ఆ కాగితం ఇవ్వండి. మన వంతు అక్కడికే.

సమన్వయకర్త: ఇగ నీళ్ళ దగ్గరికి వద్దాం. నకూరు పిల్లల పళ్ళు చూసిన మనోళ్ళు, ఇది మా మర్రిగూడే కదా అంటరట.

ఇంజనీర్: అవును. నకూరు ఉన్న రిఫ్ట్ లోయ అంతా అగ్నిపర్వతాల రాయి. భూమిలోని నీళ్ళల్ల ఫ్లోరైడ్ ఎక్కువ. పళ్ళ మీద మచ్చలు, మన దగ్గర చూసిన వంకర కాళ్ళు దానివల్లనే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు. అక్కడ దానికి ఎన్నో రెట్లు ఉన్న బోర్లు ఉన్నయి. మన ఊరి పేరు అక్కడి నీళ్ళ ఇంజనీర్లకు తెలుసు, ఎందుకంటే నాగపూర్‌లోని నీరీ అనే పర్యావరణ పరిశోధన సంస్థ నీళ్ళల్ల ఫ్లోరైడ్ తగ్గించడానికి తయారుచేసిన పద్ధతికి నల్గొండ టెక్నిక్ అనే పేరు. దాన్ని ఇథియోపియా, టాంజానియాల్లో కూడా వాడి చూసిన్రు.

సమన్వయకర్త: అయితే మనం పోయి దాన్ని నేర్పిస్తే అయిపోతది కదా?

ఇంజనీర్: అక్కడే పొరపాటు పడతరు. పద్ధతి వినడానికి సులువు. 40 లీటర్ల బకెట్ల పటిక, సున్నం, కొంచెం బ్లీచింగ్ పౌడర్ వెయ్యాలె. పది నిమిషాలు కలియబెట్టి, గంటసేపు కదలకుండ పెట్టాలె. అడుగున మడ్డి దిగుతది. అడుగుకు కొంచెం పైన బిగించిన నల్లా నుంచి తేట నీళ్ళు పట్టుకోవాలె. సున్నం పటికలో సుమారు ఇరవయ్యో వంతు. కానీ పటిక ఎంత వెయ్యాల్నో ఫ్లోరైడ్ ఒక్కదాన్ని బట్టి తేలదు, నీళ్ళ క్షారతను బట్టి కూడా మారుతది. ఒక బోరుకు సరిపోయిన చెంచా లెక్క పక్క బోరుకు పనికిరాదు. పటిక ఎక్కువైతే నీళ్ళు పుల్లబడతయి, అల్యూమినియం మిగులుతది. తక్కువైతే ఫ్లోరైడ్ అట్లనే ఉంటది, నీళ్ళు మాత్రం తేటగ కనబడతయి. రోజూ చెయ్యాలె, మడ్డిని బావికి దూరంగ పొయ్యాలె. మన దగ్గర ఈ చాకిరి ఇండ్లల్ల నిలవలేదు. చివరికి కృష్ణా నీళ్ళు పైపుల ద్వారా వస్తేనే మన పల్లెలకు ఊపిరి ఆడింది. ఈ సంగతి దాచకుండ చెప్పాలె.

నకూరులో క్యాథలిక్ డయోసిస్ వాళ్ళు ఎముకల బొగ్గుతోని ఫిల్టర్లు చేసిన్రు. పశువుల ఎముకలను గాలి తక్కువుండే బట్టీల కాలుస్తరు. వేడి తక్కువైతే నీళ్ళకు రంగు, వాసన. మరీ ఎక్కువైతే ఫ్లోరైడ్‌ను పట్టుకునే గుణం పోతది. మంచి ఫిల్టరైనా కొన్నాళ్ళకు నిండిపోతది. నిండిపోయినా నీళ్ళ రంగు మారదు, రుచి మారదు. కొలిస్తేనే తెలుస్తది. అందుకే రెండో ప్రయాణంల మొదటి పని ఫిల్టర్లు పంచుడు కాదు, పోయినసారి పెట్టినవాటిని కొలుచుడు.

డాక్టర్: మరిగిస్తే పోతుందని కూడా కొందరు అంటారు. మరిగిస్తే సూక్ష్మక్రిములు చస్తాయి గానీ ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది.

ఇంజనీర్: శాంపిల్ అర లీటరు ప్లాస్టిక్ సీసాల పట్టాలె. అదే నీళ్ళతో మూడుసార్లు కడిగి నింపాలె. బోరు పేరు, తేదీ, టైం సీసా మీదనే రాయాలె, మూత మీద కాదు. మూతలు మారిపోతయి. పోయినసారి ఆగస్టుల పడితే ఈసారి కూడా ఆగస్టులనే పట్టాలె, వానలను బట్టి అంకె మారుతది. రంగు మారే కిట్‌తోని అంచనా దొరుకుతది. హద్దు దగ్గర వచ్చినవాటిని నకూరులోనే ల్యాబుకు ఇయ్యాలె.

నన్ను అడిగితే వాళ్ళకు అన్నిటికన్న మేలు వాన నీళ్ళు. అక్కడ చర్చిలకు రేకుల కప్పులే ఎక్కువ. ఒక చదరపు మీటరు రేకు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 40 చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 400 లీటర్లు, తరుగు తీసేస్తే 300 పైనే. తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 5 లీటర్లు అనుకుంటే, ఆరుగురున్న ఇంటికి 90 రోజుల ఎండకాలానికి 2,700 లీటర్ల ట్యాంకు కావాలె. మొదటి వాన నీళ్ళు బయటికి పోయే ఏర్పాటు, పైన జాలి, దోమలు రాని మూత ఉండాలె. ముందు ఎనిమిదేండ్ల లోపు పిల్లలున్న ఇండ్లకు. శాశ్వత పళ్ళు లోపల తయారయ్యేది ఆ వయసులనే.

సమన్వయకర్త: దీనికి డబ్బు కావాలె. చర్చి ట్రస్టు నుంచి పంపొచ్చా, ఆడిటర్ గారూ?

ఆడిటర్: నేరుగా పంపొద్దు. ధార్మిక ట్రస్టుగా పన్ను మినహాయింపు తీసుకునే సంస్థ తన ఆదాయాన్ని ఇండియాలో ఖర్చు పెడితేనే ఆ మినహాయింపు. విదేశంలో ఖర్చుకు ప్రత్యక్ష పన్నుల బోర్డు అనుమతి కావాలి. అది లేకుండా ఆదివారం కానుకల నుంచి ట్యాంకులు కొంటే చిక్కు వస్తుంది. విశ్వాసులు ఎవరికి వారు తమ సొంత ఖాతా నుంచి, విదేశాలకు డబ్బు పంపుకోనిచ్చే రిజర్వు బ్యాంకు పథకం ఎల్‌ఆర్‌ఎస్ కింద బహుమతిగానో విరాళంగానో పంపవచ్చు. వ్యక్తికి ఏడాది హద్దు 2,50,000 డాలర్లు, కాబట్టి అది అడ్డం కాదు. ప్రయాణంలో చేతి నోట్లు మాత్రం 3,000 డాలర్లు మించకూడదు. 100 డాలర్ల కొత్త నోట్లు తీసుకోండి. చిన్న నోట్లకు, పాత నోట్లకు అక్కడ రేటు తగ్గిస్తారు.

అక్కడ డబ్బు నడిచేది ఎంపెసా మీద, అంటే ఫోను నంబరుతో డబ్బు పంపుకునే పద్ధతి మీద. ఒక మనిషి ఫోను నంబరుకు పంపొద్దు, ఆయన ఎంత నమ్మకస్తుడైనా సరే. ఊళ్ళో మాట పడేది ఆయనే. సంఘం పేరున ఉన్న నంబరుకు పంపి, ఇద్దరి సంతకాలున్న రసీదు ఫొటో తెప్పించుకోండి.

సమన్వయకర్త: సామాన్లలో ఏం జాగ్రత్త?

ఆడిటర్: ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు కెన్యాలో 2017 ఆగస్టు నుంచి నిషేధం, గుడ్డ సంచులే సర్దుకోండి. మన జొన్న, కంది విత్తనాలు ప్రేమతో పట్టుకుపోవద్దు, అనుమతి లేకుండా విత్తనం దేశం దాటకూడదు. వీసా బదులు 2024 జనవరి నుంచి ఈటీఏ అనే ఆన్‌లైన్ ప్రయాణ అనుమతి ఉంది. అందులో ప్రయాణం ఎందుకో ఉన్నది ఉన్నట్టు రాయాలి. నెలల తరబడి ఉండి పరిచర్య చేసేవాళ్ళకు వేరే పర్మిట్ ఉంటుంది.

సమన్వయకర్త: అయ్యగారూ, వాక్యం చెప్పేటప్పుడు?

పాస్టర్: తెలుగు నుంచి ఇంగ్లీషు, దాని నుంచి స్వాహిలీ. పదిహేను నిమిషాల మాట ముప్పావుగంట అయితది. కాబట్టి ఒక్క వచనం, ఒక్క సంగతి. సామెతలు, ప్రాసలు దారిలోనే రాలిపోతయి. "బ్వానా అసిఫివే" అని మొదలుపెడితే సంఘమంతా "ఆమెన్" అంటది, ప్రభువుకు స్తోత్రమని దానర్థం. ఇంకొకటి, స్వాహిలీలో గంటలు పొద్దు పొడిచినప్పటి నుంచి లెక్క. "సా తాతు" అంటే మూడో గంట, మన గడియారంలో ఉదయం 9. ఇది తెలియక మధ్యాహ్నం మూడింటికి పోయి ఖాళీ చర్చి చూసిన బృందాలు ఉంటయి. టైం అడిగినప్పుడు పొద్దుగాలనా, మాపునా అని కూడా అడగాలె.

పిల్లల ఫొటోలు తల్లిదండ్రులను అడగకుండ తియ్యవద్దు. మచ్చల పళ్ళను దగ్గరగా తీసి కానుకల కోసం చూపించడం అసలే వద్దు. మన బిడ్డల వంకర కాళ్ళను ఎవరెవరో ఫొటోలు తీసుకొని పోయిన్రు కదా, ఆ బాధ మనకు తెలుసు.

సమన్వయకర్త: చివరగా, దిగిన మొదటి రోజు ఏం చెయ్యాలె?

పాస్టర్: సభ పెట్టవద్దు. పోయినసారి మనం తిరిగొచ్చినంక ఎవరెవరు చనిపోయిన్రో ముందే అడిగి తెలుసుకొని, ఆ ఇండ్లకు పోవాలె. "పోలే సానా" అనాలె, బాధలో ఉన్నోళ్ళకు చెప్పే మాట అది. చేతిలో రెండు కిలోల చక్కెర, ఒక టీపొడి ప్యాకెట్ ఉండాలె. అక్కడ చుట్టపు చూపుకు తీసుకపోయేవి అవే, వాటిని ఆ ఊరి దుకాణంలోనే కొనాలె. ఉగాలి పెడతరు, మన మక్క గట్కనే, ఇంకొంచెం గట్టిగ ఉంటది. కూర్చొని తినాలె. పోయిన మనిషి గురించి వాళ్ళు చెప్తరు, చెప్పినంతసేపు వినాలె.