హైదరాబాద్‌కి ఫుట్‌బాల్ ఫ్యాన్స్ లేరా? పచ్చి అబద్ధం!

నమస్తే అందరికీ. ఈరోజు ఉపోద్ఘాతం ఏమీ లేదు, నేరుగా విషయంలోకి వచ్చేస్తున్నా. ఒకటే మాట వినీ వినీ ఒళ్ళు మండిపోతోంది నాకు. "జనం రాలేదు, అందుకే క్లబ్ పోయింది." "హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ ఎవరు చూస్తారు బ్రో?" "బిర్యానీ, క్రికెట్, సినిమా తప్ప వీళ్ళకేం పట్టదు."

పచ్చి అబద్ధం. మళ్ళీ చెప్తున్నా, పచ్చి అబద్ధం!

2025 అక్టోబర్‌లో మన ఊరి ఫుట్‌బాల్ క్లబ్ హైదరాబాద్ ఎఫ్‌సీ పేరు మార్చుకుని, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీగా ఢిల్లీకి వెళ్ళిపోయింది. ఈ కథ మీకు తెలిసిందే. దాదాపు రెండు నెలల తర్వాత, డిసెంబర్ 13న, మెస్సీ ఉప్పల్‌కి వచ్చాడు. వేలకు వేలు పోసి టికెట్లు కొన్నారు మనవాళ్ళు. తండ్రులు పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకుని వచ్చారు. మరి వాళ్ళంతా ఎవరు? చంద్రమండలం నుంచి దిగారా? ఈ ఊరి జనమే కదా! కాసేపు మైదానంలో తిరిగి, బంతి నాలుగుసార్లు తన్ని, చెయ్యి ఊపే మనిషి కోసం అంతమంది వచ్చిన ఊరిలో ఫుట్‌బాల్ మీద ప్రేమ లేదంటారా?

"అది మెస్సీ అన్నా, లెక్క వేరు" అంటారు. సరే, ఒప్పుకుంటా. అయితే ఇంకో లెక్క చెప్తా, కాస్త ఓపికగా వినండి. ఈ లెక్క ఎవరూ వెయ్యరు. ఈ ఒక్కటి అర్థమైతే గచ్చిబౌలి స్టాండ్లు ఎందుకు ఖాళీగా ఉన్నాయో అర్థమైపోతుంది.

హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది 2019లో. దేశంలో పెద్ద లీగ్ అయిన ఐఎస్ఎల్‌లో, అంటే ఇండియన్ సూపర్ లీగ్‌లో, మన మొదటి సీజన్‌కి మొత్తం పది టీములు, మనకి సొంతగడ్డ మీద తొమ్మిది మ్యాచ్‌లు. ఆ తొమ్మిదిలో గెలిచినవి ఎన్ని? ఒకటి. ఒక్కటంటే ఒక్కటి! సీజన్ మొత్తానికి గెలిచిందే రెండు, రెండోది గువాహటిలో. పాయింట్లు పది, స్థానం అట్టడుగు. ఆ వెంటనే కరోనా. 2020-21 సీజన్ మొత్తం గోవాలోనే, తలుపులు మూసి ఆడించారు. 2021-22 కూడా అంతే. సొంత ఊళ్ళో రెండేళ్ళలో ఎన్ని మ్యాచ్‌లు? సున్నా.

ఇప్పుడు అసలు దెబ్బ చూడండి. ఆ రెండేళ్ళలోనే మన టీమ్ నిజమైన టీమ్ అయింది! మనోలో మార్కెజ్ కోచ్‌గా వచ్చాడు. మొదటి ఏడాది అయిదో స్థానం, రెండో ఏడాది లీగ్‌లో రెండో స్థానం. మన స్ట్రైకర్ ఒగ్‌బెచే ఒక్కడే 18 గోల్స్ కొట్టి, అందరికన్నా ఎక్కువ గోల్స్ కొట్టినవాడికిచ్చే గోల్డెన్ బూట్ ఎత్తుకుపోయాడు. ఆ తర్వాత కప్పు! ఆ 18 గోల్స్‌లో ఒక్క గోల్ అయినా గచ్చిబౌలిలో కూర్చుని చూసినవాడు ఈ ఊళ్ళో ఉన్నాడా? లేడు. ఎలా ఉంటాడు?

అంటే క్లబ్ మూడు సీజన్లు ఆడి, ఛాంపియన్ అయ్యేనాటికి, హైదరాబాద్ అభిమాని తన టీమ్ తన ఊళ్ళో గెలవడం కళ్ళారా చూసింది ఒకే ఒక్కసారి. మూడు సీజన్లలో ఒక్కసారి! ఇది తెలియకుండా "జనం రారు" అని తీర్పులు చెప్పేస్తున్నారు.

ఆ ఒక్కసారి నేను ఉన్నాను. చెప్తా.

2019 నవంబర్ 2, శనివారం. గచ్చిబౌలి బాలయోగి స్టేడియం, ఎదురుగా కేరళ బ్లాస్టర్స్. నేనూ మా తమ్ముడూ సికింద్రాబాద్ నుంచి బండి మీద వెళ్ళాం. మేం కూర్చున్న వైపు చూస్తే సగానికి సగం పసుపు చొక్కాలే. హైటెక్ సిటీలో పనిచేసే మలయాళీ కుర్రాళ్ళు గుంపులు గుంపులుగా దిగారు. మా ముందు వరసలో ఒకాయన ఏడెనిమిదేళ్ళ కొడుకుని తీసుకొచ్చాడు. ఆ పిల్లాడు ప్రతి అయిదు నిమిషాలకీ "నాన్నా, మనవాళ్ళు ఎవరు?" అని అడుగుతున్నాడు. ఆయనకీ ఒక్క ఆటగాడి పేరు తెలియదు పాపం. "ఆ ఎదురు రంగు వాళ్ళు రా" అంటున్నాడు. రాహుల్ కేపీ గోల్ కొట్టి కేరళ ముందుకెళ్ళింది. పసుపు చొక్కాలు ఎగిరి గంతేశాయి. పిల్లాడి మొహం చిన్నబోయింది.

రెండో సగంలో పెనాల్టీతో స్టాంకొవిచ్ సమం చేశాడు. ఇక 81వ నిమిషం. ఫ్రీ కిక్. మార్సెలీనో బంతి పెట్టుకుని నాలుగడుగులు వెనక్కి వేశాడు. మా తమ్ముడు నా మోచెయ్యి పట్టుకున్నాడు, ఇప్పటికీ గుర్తుంది, గోళ్ళు దిగాయి. గోల్! ఆ పిల్లాడు కుర్చీ ఎక్కి నిలబడి అరుస్తున్నాడు. వాళ్ళ నాన్న నన్ను కౌగిలించుకున్నాడు. ఎవరో తెలియదు, పేరు తెలియదు, మళ్ళీ ఎప్పుడూ కనిపించలేదు. బయటికొచ్చే దారిలో ఎవరో డప్పు తీశారు, గేటు దగ్గర తీన్మార్ మొదలైంది. ఆ రాత్రి ఆ పిల్లాడికి టీమ్ దొరికింది. నేను ఒట్టేసి చెప్తా, వాడు ఆ రోజు నుంచి హైదరాబాద్ ఎఫ్‌సీ మనిషి.

మరి వాడికి ఆ తర్వాత ఏం చూపించారు? ఆ సీజన్‌లో మిగతా ఎనిమిది హోమ్ మ్యాచ్‌లలో ఒక్క గెలుపు లేదు. తర్వాత రెండేళ్ళు తాళం. ఎనిమిదేళ్ళవాడు పదకొండేళ్ళవాడైపోయాడు!

నా సిద్ధాంతం ఇదే, ఎవరు కాదన్నా నేను మార్చుకోను. స్టేడియంకి వెళ్ళడం అనేది అలవాటు. గుడికి వెళ్ళడం లాంటిది, వారం వారం సంతకి వెళ్ళడం లాంటిది. నీ సీటు నీకు తెలియాలి, పక్క సీటు బాబాయ్ తెలియాలి, ఇంటర్వెల్‌లో ఎక్కడ టీ బాగుంటుందో తెలియాలి. టీమ్ గెలిచిన రోజు నువ్వు అక్కడ ఉండాలి. అలా రెండు మూడేళ్ళు గడిస్తే ఇక ఓడినా వస్తావు, వానలోనూ వస్తావు. ఆ రెండు మూడేళ్ళే మనకి లేకుండా పోయాయి. కొచ్చిని చూపిస్తారు అందరూ, "చూడండి ఎంత జనమో" అని. అయ్యా, కేరళ బ్లాస్టర్స్‌కి 2014 నుంచి కరోనా దాకా ఆరు సీజన్లు సొంత జనం మధ్య ఆడే అవకాశం దొరికింది. దానికి ముందు ఊరూరా సెవెన్స్ (జట్టుకి ఏడుగురు ఆడే) టోర్నమెంట్లు చూసి పెరిగిన జనం వాళ్ళు. మనకి దొరికింది తొమ్మిది మ్యాచ్‌లు. పోలికేనా ఇది?

ఇక 2022 మార్చి 20, ఫైనల్. ఆదివారం. గోవాలో ఫటోర్డా స్టేడియం. రెండేళ్ళ తర్వాత మొదటిసారి జనాన్ని పూర్తిగా లోపలికి అనుమతించారు, ఎదురుగా మళ్ళీ కేరళ. ఆ రోజు పసుపు జెర్సీ ఎవరికి వచ్చిందో గుర్తుందా? మనకి! కాగితం మీద హోమ్ టీమ్ మనమే కాబట్టి పసుపు మనది, కేరళ ఆటగాళ్ళు నల్ల జెర్సీలో ఆడారు. అయినా స్టేడియం నిండా పసుపు చొక్కాలతో కూర్చుంది కేరళ అభిమానులే. మన రంగు వేసుకుని మనకి వ్యతిరేకంగా అరుస్తున్న స్టేడియంలో మనవాళ్ళు కప్పు గెలిచారు. నాకైతే ఇప్పటికీ చెప్తుంటే రోమాలు నిక్కబొడుచుకుంటాయి.

నేను చిలకలగూడలో మా బాబాయ్ ఇంట్లో చూశాను. రాహుల్ కేపీ మళ్ళీ గోల్ కొట్టాడు, మళ్ళీ వాడే! ఇక అయిపోయింది అనుకుంటుంటే 88వ నిమిషంలో మన సాహిల్ టవోరా వాలీ, స్కోరు సమం. బాబాయ్ చేతిలో టీ కప్పు ఒలికి లుంగీ మీద పడింది, ఆయనకి కాలిన సంగతి కూడా తెలియలేదు. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. హాలిచరణ్ నర్జరీ ఆఖరి పెనాల్టీ వేయగానే మేం బాల్కనీలోకి పరిగెత్తి అరిచాం. ఎదురింటాయన కిటికీ తీసి అడిగాడు, "ఏ మ్యాచ్ బాబూ? ఐపీఎల్ ఇంకా మొదలవలేదుగా?"

ఊరి టీమ్ దేశంలో ఛాంపియన్ అయిన రాత్రి ఊరికి తెలియలేదు. ఎదురింటాయన తప్పేముంది ఇందులో? ఆయన గల్లీలో ఎవరూ ఆ జెర్సీ వేసుకుని స్టేడియంకి వెళ్ళడం ఆయన చూడలేదు. రెండేళ్ళు వెళ్ళడానికి స్టేడియమే లేదు!

2022-23లో టీమ్ ఇంటికి వచ్చింది. నిజంగా బాగా ఆడింది, మళ్ళీ రెండో స్థానం. ఆరు సీజన్ల చరిత్రలో మన కళ్ళ ముందు మంచి ఆట ఆడిన సీజన్ ఇదొక్కటే. అభిమానుల బృందం డెక్కన్ లీజియన్ కుర్రాళ్ళు ఒక మూల స్టాండ్‌లో డ్రమ్ములు పెట్టుకుని, తొంభై నిమిషాలూ నిలబడి, గొంతులు పోయేదాకా పాడేవాళ్ళు. సెమీఫైనల్‌లో మోహన్ బగాన్‌తో ఇక్కడా 0-0, కోల్‌కతాలోనూ 0-0, పెనాల్టీల్లో ఓడిపోయాం. ఫర్వాలేదు, వచ్చే ఏడాది చూసుకుందాం అనుకున్నాం.

వచ్చే ఏడాది ఏమైంది? మార్కెజ్ వెళ్ళిపోయాడు. జీతాలు అందక ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. కొత్తవాళ్ళని చేర్చుకోకుండా ఫిఫా నిషేధం. 22 మ్యాచ్‌లు, ఒక్క గెలుపు, ఎనిమిది పాయింట్లు. సీజన్ సగం నుంచి చిన్నపిల్లల్ని దింపి లాగించారు. ఆ పిల్లలకి దండం పెట్టాలి, అది వేరే సంగతి. కానీ అప్పుడు కెమెరా ఖాళీ సీట్ల వైపు తిప్పి "చూశారా, హైదరాబాద్‌లో క్రౌడ్ లేదు" అంటే ఏమనాలి! పెళ్ళివారే పారిపోయిన ఇంట్లో భోజనాలకి ఎవరూ రాలేదని చుట్టాల్ని తిట్టినట్టుంది.

సరే, స్టేడియం సంగతి కూడా మాట్లాడాలి. బాలయోగి స్టేడియం అథ్లెటిక్స్ కోసం కట్టింది. గ్రౌండ్ చుట్టూ రన్నింగ్ ట్రాక్. సీట్లో కూర్చుంటే అవతలి గోల్ దగ్గర ఏం జరుగుతోందో అంచనా వేసుకోవాలి. వంద మంది గట్టిగా అరిచినా ఆ అరుపు ట్రాక్ దాటేసరికి నీరసపడిపోతుంది. గోల్‌కీపర్‌కి చెమటలు పట్టించే దూరం కాదది. అజీజ్‌నగర్‌లో డెక్కన్ ఎరీనాకి ఎప్పుడైనా వెళ్ళారా? ఈ ఊరి ఇంకో క్లబ్ శ్రీనిధి డెక్కన్ వాళ్ళ గ్రౌండ్, చిన్నది. కానీ అక్కడ డిఫెండర్లు ఒకరినొకరు కేకేసుకోవడం వినిపిస్తుంది, బంతి పోస్ట్‌కి తగిలితే ఆ టంగ్ మనే చప్పుడు వినిపిస్తుంది. కొద్దిమంది ఉన్నా సందడిగా ఉంటుంది. ఆ టీమ్ ఐఎస్ఎల్ తర్వాతి అంచె అయిన ఐ-లీగ్‌లో వరసగా రెండేళ్ళు, 2022-23లో, 2023-24లో, రన్నరప్‌గా నిలిచింది. ఎంతమందికి తెలుసు? ఎవరైనా మీకు చెప్పారా?

ఇంకోటి. ఈ ఊళ్ళో ఫుట్‌బాల్ ఎక్కడుంది? బార్కస్‌లో ఉంది. మల్లేపల్లిలో ఉంది. బొల్లారం, అమ్ముగూడ, సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో ఉంది. తాతలు ఆడారు, మనవలు ఆడుతున్నారు. క్లబ్‌ని ఎక్కడ పెట్టారు? గచ్చిబౌలిలో! రాత్రి ఏడున్నరకి మ్యాచ్, పని రోజు. బార్కస్ నుంచి ఒక తండ్రి పిల్లాడిని తీసుకుని ఆ ఐటీ ట్రాఫిక్‌లో ఎన్నింటికి బయల్దేరాలి? మెట్రోలో రాయదుర్గం దాకా వచ్చినా అక్కడి నుంచి మళ్ళీ ఆటో. మ్యాచ్ అయ్యాక తిరిగి ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి. పొద్దున్నే బడి.

ఒక్క నిమిషం పాత సంగతి చెప్పనివ్వండి, ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. సయ్యద్ అబ్దుల్ రహీం, మన రహీం సాబ్, ఈ ఊరి బడిపంతులు. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. అయిదుసార్లు, బొంబాయి వెళ్ళి! 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచినా, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో బంగారు పతకం గెలిచినా, కోచ్ ఆయనే. అమ్ముగూడ గల్లీల్లో ఆడిన తులసీదాస్ బలరాం ఆ రెండు టీముల్లోనూ ఉన్నాడు. అలాంటి ఊరికి ఫుట్‌బాల్ సంస్కృతి లేదని నిన్నగాక మొన్న వచ్చినవాళ్ళు చెప్తుంటే వినాలా నేను?

ముఖ్యమంత్రి గారూ, మీరు ఫుట్‌బాల్ ఆడతారు. బూట్లు కట్టుకుని మెస్సీతో కలిసి గ్రౌండ్‌లోకి దిగారు, అందరం చూశాం, సంతోషించాం. మీరు ప్రమాణ స్వీకారం చేసిన ఎల్బీ స్టేడియం ఒకప్పటి ఫతే మైదాన్. ఊరి నడిబొడ్డున ఉంది, అసెంబ్లీ మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్ళొచ్చు. ఇటు సికింద్రాబాద్ వాళ్ళకీ దగ్గరే, అటు పాతబస్తీ వాళ్ళకీ దగ్గరే. ఈ ఊళ్ళో మళ్ళీ ఒక క్లబ్ వస్తే దాన్ని గచ్చిబౌలికి పంపకండి. అక్కడ ఆడించండి, శని ఆదివారాల్లో, పొద్దు వాలే వేళకి. మూడేళ్ళు, వరసగా మూడేళ్ళు ఆడించి చూడండి. అప్పటికీ జనం రాకపోతే ఈ వీడియో నేనే తీసేస్తా.

నా పర్సులో 2019 నవంబర్ 2 నాటి టికెట్ ముక్క ఇంకా ఉంది. ఇదిగో, అక్షరాలు చెరిగిపోయాయి, సీటు నంబర్ కూడా కనిపించట్లేదు. ఆ రోజు మీలో ఎవరైనా అక్కడ ఉంటే, ఏ స్టాండ్‌లో కూర్చున్నారో కింద రాయండి. ఆ ముందు వరస నాన్నగారు మీరే అయితే, మీ వాడు ఇప్పుడు ఎంత ఎదిగాడో, ఇంకా బంతి తన్నుతున్నాడో లేదో, అది మాత్రం తప్పకుండా చెప్పండి.