జవాబు కోసం ఆగుదాం

వేదిక మీది పెద్దలకు, ప్రీస్కూల్ టీచర్లకు నమస్కారం. నా డిగ్రీలన్నీ ఇప్పటికే చదివేశారు కాబట్టి నేరుగా విషయానికొస్తాను.

బ్యానర్ మీద ‘నిరంతర అభ్యసనం’ అని రాశారు. సంతోషమే. కానీ ఆ పేరుతో మనకు జరిగే శిక్షణలన్నీ పిల్లలు లేని గదుల్లోనే జరుగుతాయి. స్లైడ్లు చూస్తాం, సంతకం పెడతాం, సర్టిఫికెట్ తెచ్చి ఫైల్లో పెడతాం. సోమవారం క్లాసులో మళ్లీ పాత పాటే! మీరు చేస్తున్నదీ అదే కదా అంటారేమో. నిజమే, అందుకే తొందరగా ముగిస్తాను.

మొన్న ఒక క్లాసులో వెనక కూర్చున్నాను. నాలుగేళ్ల పాప ముందు రెండు వరుసల్లో ఐదేసి గుండీలున్నాయి. టీచరు ఒక వరుసలోని గుండీలను ఎడంఎడంగా జరిపి, ‘ఎందులో ఎక్కువున్నాయి?’ అన్నారు. పాప ఎడంగా ఉన్న వరుస చూపించింది. ‘కాదమ్మా, లెక్కపెట్టు.’ పెట్టింది. ఇక్కడా ఐదే, అక్కడా ఐదే. ‘అయినా ఇవే ఎక్కువ,’ అంది! టీచరుకు టెన్షన్. నేను మెల్లగా ‘నీకెలా తెలిసింది?’ అని అడిగి ఊరుకున్నాను. కాసేపటికి పాప వరుస చివర వేలు పెట్టి, ‘ఇవి ఇక్కడిదాకా వచ్చాయిగా’ అంది.

ఆ వయసు పిల్లలు లెక్క కంటే కంటికి కనిపించే పొడవునే నమ్ముతారని స్విస్ మనస్తత్వవేత్త పియాజే ఎప్పుడో చూపించారు. మనమంతా పరీక్షకు చదివిందే. ఎదురుగా జరిగినప్పుడు మాత్రం ‘తప్పు’ అనేస్తాం.

అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు ప్రాథమిక తరగతుల టేపులు విన్నారు. ప్రశ్న వేశాక టీచర్లు ఆగేది సుమారు ఒక్క సెకను. మూడు సెకన్లు ఆగినచోట పిల్లల జవాబులు పొడవయ్యాయి. వివియన్ పేలీ అయితే కిండర్‌గార్టెన్ టీచరుగా తన క్లాసునే టేపు చేసి, విని, రాసుకునేవారు.

వెనక వరుసలో ఫోన్ చూస్తున్నవాళ్లూ, మిమ్మల్నే! ఆ ఫోన్ చాలు. స్కూలు, తల్లిదండ్రుల అనుమతి తీసుకుని పది నిమిషాలు రికార్డ్ చేయండి. ఎవరికీ పంపకండి. మీరెక్కడ ఆగారో, ఎక్కడ పిల్లల మాటకు అడ్డుపడ్డారో వినండి. తోటి టీచరును క్లాసుకు పిలవండి, మార్కులు వేయడానికి కాదు, చూడటానికి.

యాజమాన్యం వారూ ఇక్కడే ఉన్నారు. వారానికి ఒక గంట వీళ్లకు వదిలేయండి, కూర్చుని విన్నదాని గురించి మాట్లాడుకుంటారు. ఆ గంటలో మాత్రం దయచేసి రిజిస్టర్లు రాయించకండి.