కచ్చిడి చేపకీ వైన్‌కీ ఏంటి సంబంధం? వీగన్ వైన్ ఎంచుకోవడం ఎలా | వైజాగ్ రివ్యూ

నమస్కారమండి, వైజాగ్ నుంచి మళ్లీ ఒక రివ్యూతో వచ్చాను. ముందే చెప్పేస్తున్నా, ఈ వీడియో 21 ఏళ్లు నిండినవాళ్లకి మాత్రమే. మన రాష్ట్రంలో మందు కొనడానికి చట్టం పెట్టిన వయసు అది. మిగతావాళ్లు వేరే వీడియో చూసుకోండి, మన ఛానల్‌లో టిఫిన్ల వీడియోలు బోలెడున్నాయి.

పూడిమడకలోనో కాకినాడలోనో వలకి కచ్చిడి చేప పడిందని, వేలంలో లక్షలు పలికిందని టీవీలో స్క్రోలింగ్ వస్తుంటుంది, చూసే ఉంటారు. ఒక్క చేపకి అంత రేటు ఎందుకంటే దాని పొట్టలో ఉండే గాలితిత్తి. దాన్ని ఎండబెట్టి చైనా, హాంకాంగ్ వైపు పంపిస్తారు, అక్కడ సూపుల్లో వేసుకుంటారు. ఆపరేషన్ కుట్ల దారానికి కూడా పనికొస్తుందని రాస్తారు. ఆ వార్త చివర్లో ఎవరూ పట్టించుకోని ముక్క ఒకటుంటుంది. వైన్ తేట చెయ్యడానికీ వాడతారని. ఇవాళ్టి వీడియో ఆ ముక్క గురించే.

ద్రాక్షపళ్లతో చేసే వైన్‌లో చేపకేం పనండీ అంటే, ఉంది. ద్రాక్షరసం పులిసి వైన్ అయ్యాక కలకగా ఉంటుంది. చచ్చిన ఈస్టు, తొక్కల నుంచి దిగిన టానిన్లు అనే వగరు పదార్థాలు, కంటికి కనిపించని ప్రొటీన్లు, అన్నీ అందులో తేలుతుంటాయి. నెలల తరబడి కదపకుండా ఉంచితే చాలావరకు అవే అడుక్కి దిగుతాయి. కానీ కంపెనీవాళ్లకి అంత ఓపిక ఎక్కడిది, ట్యాంకు ఖాళీ అవ్వాలి, సీసాలు షాపుకి వెళ్లాలి. అందుకని ఏదో ఒకటి కలిపి తొందరగా తేరుకునేలా చేస్తారు. దీన్నే ఫైనింగ్ అంటారు. గోదావరికి వరద వచ్చి నీళ్లు ఎర్రగా మారితే అమ్మమ్మలు బిందె లోపల చిల్లగింజ అరగదీసేవాళ్లు కదా, తెల్లారేసరికి మట్టంతా అడుక్కి చేరి పైన నీళ్లు తేటగా ఉండేవి. ఇక్కడా జరిగేది అదే. కాకపోతే చిల్లగింజ చెట్టుకి కాస్తుంది, వైన్‌లో వేసేది చాలాసార్లు జంతువు నుంచి వస్తుంది.

తెల్ల వైన్‌లో వేసేవాటిలో ఒకటి చేప తిత్తి. దాన్ని ఐసింగ్లాస్ అంటారు. ఒకప్పుడు రష్యా వైపు స్టర్జన్ చేపల నుంచి తీసేవాళ్లు, తర్వాత రకరకాల చేపలు వచ్చాయి. ఎర్ర వైన్‌కి కోడిగుడ్డు తెల్లసొన. ఫ్రాన్స్‌లో బోర్డో వైపు 225 లీటర్ల పీపాకి ఐదారు గుడ్ల తెల్లసొన గిలక్కొట్టి పోయడం పాత అలవాటు, ఇప్పటికీ చేసేవాళ్లున్నారు. రంగు ముదిరిపోయిన తెల్ల వైన్‌కి పాలలో ఉండే కేసీన్ వేస్తారు. జెలటిన్ అయితే దేనికైనా వేస్తారు. జెలటిన్ అంటే తెలుసుగా, ఎముకలు, తోళ్లు ఉడకబెట్టి తీసింది. ఎద్దు రక్తం కూడా వాడేవాళ్లు, పశువులకి వచ్చే మ్యాడ్ కౌ జబ్బు గొడవ వచ్చాక 1990ల్లో యూరప్ దాన్ని ఆపేసింది. స్పెయిన్‌లో షెర్రీ అనే వైన్ చేసే హెరెజ్ ఊళ్లో తెల్లసొన పీపాల్లోకి పోతే, మిగిలిన పచ్చసొనని క్రైస్తవ సన్యాసినుల మఠాలకి ఇచ్చేవాళ్లట. అక్కడి సన్యాసినులు దాంట్లో పంచదార పాకం పోసి చేసిన స్వీటు తోసీనో దె సియేలో. ఇప్పటికీ అక్కడ షాపుల్లో అమ్ముతారు. ఇది మనకి అక్కర్లేని సమాచారమే, నాకు నచ్చి చెప్పాను.

ఇవన్నీ మడ్డితో పాటు కిందకి దిగిపోతాయి, పైనున్న తేటని వేరే ట్యాంకులోకి తీసేస్తారు. సీసాలో మిగిలేది దాదాపు ఏమీ ఉండదు. మరింకేం ప్రాబ్లం అంటారా? వీగన్‌గా ఉండేవాళ్లు, అంటే మాంసం, గుడ్డే కాదు, పాలు కూడా ముట్టనివాళ్లు, మిగిలిందా లేదా అని చూడరు, వాడారా లేదా అని చూస్తారు. వాళ్లకది పాయింటు.

అసలు మన దగ్గర వీగన్లకంటే ఈ సంగతి ఎక్కువ తెలియాల్సింది శాకాహారులకి. గుడ్డు వేశారని కేకు కూడా ముట్టని వాళ్లు, రిసెప్షన్‌లో "ద్రాక్షరసమే కదా" అంటూ గ్లాసు అందుకోవడం నేను చూశాను. పాలు తాగే ఇంట్లో కేసీన్‌తో పేచీ లేదు. చేప, గుడ్డు, జెలటిన్ మాటేంటి మరి? కార్తీక మాసంలో ఎలాగూ తాగరనుకోండి, మిగతా పదకొండు నెలల గురించి అడుగుతున్నా. బిస్కెట్ ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి కొనే అలవాటు ఇక్కడ పనిచెయ్యదు. మందు సీసాలకి ఆ చుక్క వెయ్యక్కర్లేదని మన లేబుల్ రూల్స్‌లోనే మినహాయింపు ఉంది.

సరే, జంతువు లేకుండా తేట చెయ్యడం కుదరదా అంటే బ్రహ్మాండంగా కుదురుతుంది. బెంటొనైట్ అని ఒకరకం బంకమట్టి, మన గుజరాత్‌లో కచ్ వైపు కూడా తవ్వుతారు. ఆ మట్టికి రుణావేశం ఉంటుంది, వైన్‌లో ప్రొటీన్లకి ధనావేశం. రెండూ అతుక్కుని బరువెక్కి కిందకి దిగుతాయి. బఠాణీ ప్రొటీన్, బంగాళాదుంప ప్రొటీన్, బొగ్గు, సిలికా, ఇవన్నీ వాడుకలో ఉన్నవే. రుచి పాడవుతుందని కొందరు పెద్దమనుషులు అంటుంటారు. బెంటొనైట్ ఎక్కువైతే వాసన కొంచెం తగ్గుతుంది, అది నిజమే. ఆ మాటకొస్తే జెలటిన్ ఎక్కువైనా వైన్ వగరు, చిక్కదనం పోతాయి. మందు ఏదైనా మోతాదు వేసేవాడి చేతిలో ఉంటుంది.

ఇప్పుడు లేబుల్. తమ్ముడూ, కెమెరా దగ్గరికి పెట్టు. ఇది బోర్డో ఎర్ర వైన్, వెనక లేబుల్. ఫోన్ టార్చ్ వేస్తేగానీ కనపడనంత చిన్న అక్షరాలు. ఇక్కడ చూడండి, "కంటెయిన్స్ సల్ఫైట్స్". అది అందరూ వేస్తారు, దానికీ జంతువుకీ సంబంధం లేదు. దాని పక్కన "ఎగ్" అని ఉంది చూశారా? అయిపోయింది, ఇది వీగన్ కాదు. యూరప్‌లో 2012 నుంచి రూలు ఇది. గుడ్డు, పాలు వాడి, లీటరుకి 0.25 మిల్లీగ్రాములు దాటి వైన్‌లో దొరికితే లేబుల్ మీద చెప్పి తీరాలి. ఎలర్జీ ఉన్నవాళ్ల కోసం పెట్టిన రూలు, మనకి ఇలా పనికొస్తోంది.

అయితే ఆ లైను లేకపోతే వీగన్ అని సంబరపడిపోకండి. ఎలర్జీ జాబితాలో చేప ఉన్నా, వైన్ తేట చెయ్యడానికి వాడే ఐసింగ్లాస్‌కి అందులోంచి మినహాయింపు ఇచ్చారు. ఆస్ట్రేలియాలోనూ అంతే. అంటే గుడ్డు వేస్తే చెప్పాలి, చేప వేస్తే నోరు మెదపక్కర్లేదు. అమెరికా వైన్ అయితే గుడ్డు సంగతి కూడా చెప్పాలన్న నిర్బంధం లేదు. 2023 డిసెంబర్ 8 తర్వాత తయారైన యూరప్ వైన్ల మీద క్యూఆర్ కోడ్ వస్తోంది, స్కాన్ చేస్తే ఏమేం వేశారో జాబితా తెరుచుకుంటుంది. మంచిదే, కానీ ఎలర్జీ తెచ్చేవి తప్ప, తేట చెయ్యడానికి వేసి తీసేసినవి అందులోనూ రాయక్కర్లేదు. కాబట్టి సీసా మౌనంగా ఉంటే నేను నమ్మను. వీగన్ అని గుర్తు ఉండాలి, లేదా కంపెనీవాళ్లు నోటితో చెప్పాలి.

గుర్తుల్లో రెండు ఎక్కువ కనిపిస్తాయి. ఒకటి వీగన్ సొసైటీది, పొద్దుతిరుగుడు పువ్వు ఉంటుంది. 1944లో బ్రిటన్‌లో పెట్టిన సంస్థ అది. రెండోది పసుపు మీద ఆకుపచ్చ వీ అక్షరం, వీ-లేబుల్. దాంట్లో వెజిటేరియన్‌కి ఒకటి, వీగన్‌కి ఒకటి ఉన్నాయి, కింద ఏం రాసుందో చదవండి. మన దేశంలోనూ 2022లో వీగన్ ఆహారానికి ప్రభుత్వం ఆకుపచ్చ వీ లోగో తెచ్చింది. స్పెయిన్, చిలీ సీసాల మీద "ఆప్తో పారా వేగానోస్" అని ఉంటే అదీ సరే.

"అన్‌ఫైన్డ్" అని ఉంటే ఏమీ కలపలేదని అర్థం, కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. "అన్‌ఫిల్టర్డ్" అని ఒక్కటే ఉంటే మాత్రం ఆగండి. ఫిల్టర్ చెయ్యకపోయినా గుడ్డుసొన వేసి ఉండొచ్చు, రెండూ వేరే పనులు. షాపుల్లో ఈ రెండూ ఒకటేనని చెప్పేస్తుంటారు.

ఇంకో తికమక ఆర్గానిక్. ఆర్గానిక్ అంటే తోటలో కృత్రిమ రసాయన మందులు కొట్టలేదని. యూరప్ ఆర్గానిక్ రూల్స్‌లో ఐసింగ్లాస్, జెలటిన్, తెల్లసొన అన్నింటికీ అనుమతి ఉంది. బయోడైనమిక్ అయితే ఇంకా విచిత్రం. 1924లో రుడాల్ఫ్ స్టైనర్ ఇచ్చిన ఉపన్యాసాల నుంచి మొదలైన పద్ధతి. ఆవు కొమ్ములో పేడ కూరి, చలికాలమంతా భూమిలో పాతిపెట్టి, తీసి నీళ్లలో కలిపి చల్లుతారు. మన రైతుకి పేడ కొత్త కాదుగానీ, కొమ్ము ఎక్కడిదని వీగన్ అడుగుతాడు. కాలిఫోర్నియాలో ఫ్రే వైన్‌యార్డ్స్ అని 1980లో మొదలైంది, అమెరికాలో తొలి ఆర్గానిక్ వైనరీ. వాళ్ల వైన్లలో జంతు పదార్థం కలపరు. అదే ఫ్రే కొన్ని వైన్లు బయోడైనమిక్ పద్ధతిలోనూ చేస్తుంది. గీత ఎక్కడ గీసుకుంటారన్నది మీ ఇష్టం. నేనైతే సీసాలోకి ఏం పోసారన్న దగ్గరే ఆగుతాను. తోట దాకా వెళ్తే మనం తినే బియ్యం కూడా వీగన్ అవ్వదు.

ఇక రుచి. బోర్డోని ఇందాకే పక్కన పెట్టేశాం. ఈ చిలీ ఎర్ర వైన్, కాబర్నే సావిన్యోన్, దీని మీద వీగన్ గుర్తు ముందువైపే ఉంది. రంగు ముదురు, నల్ల ద్రాక్ష, కొంచెం పచ్చి క్యాప్సికమ్ వాసన. బాగుంది, గొప్పగా లేదు. మన కారంతో మాత్రం వద్దు. టానిన్, ఆల్కహాల్ రెండూ కలిసి మిరపకాయ మంటని ఎక్కువ చేస్తాయి. బీచ్ దగ్గర ముంత మసాలా కట్టించుకొచ్చి దీంతో తిన్నాను, నాలుక మండిపోయింది.

ఈ జర్మనీ తెల్ల వైన్, రీజ్లింగ్, చూడండి, వీ-లేబుల్ ఉంది, కాస్త తీపి మిగిలిన రకం, ఆల్కహాల్ తక్కువ. నిమ్మ, పచ్చి యాపిల్, ఆ పులుపు వెనక తీపి. ఆవపెట్టిన పనసపొట్టు కూరతో తాగి చూడండి. ఆవ ఘాటుని ఆ తీపి పట్టుకుంటుంది, నూనెని పులుపు కడిగేస్తుంది. పులిహోరతో కూడా బాగుంది. గోంగూర దగ్గర ఓడిపోయింది, గోంగూర ముందు ఏ వైనూ నిలబడదు. ఇవాళ నా ఓటు రీజ్లింగ్‌కే.

చివరిది జార్జియా నుంచి. అమెరికా జార్జియా కాదండోయ్, కాకసస్ కొండల దగ్గర ఉన్న దేశం. అక్కడ 8000 ఏళ్లుగా వైన్ చేస్తున్నారని తవ్వకాల్లో తేలింది. క్వెవ్రీ అనే పెద్ద మట్టి బానని మెడ దాకా భూమిలో పాతి, తెల్ల ద్రాక్షని తొక్కలు, గింజలతో సహా అందులో వేసి నెలల పాటు వదిలేస్తారు. మడ్డి అంతా కోసుగా ఉన్న అడుగులోకి దిగిపోయి వైన్ దానంతటదే తేరుకుంటుంది. ఈ పద్ధతిని యునెస్కో 2013లో వారసత్వ జాబితాలో చేర్చింది. గ్లాసులో పోస్తే చూడండి, పలచటి తేనె రంగు. వాసన ఎండిన ఆప్రికాట్, వాల్‌నట్, నోట్లో బ్లాక్ టీలాంటి వగరు. అందరికీ నచ్చదు, నాకు తెగ నచ్చింది, గుత్తివంకాయకి దీని జోడీ అదిరింది. ఫైనింగ్ లేదు కాబట్టి నూటికి నూరు అనబోతే ఒక చిక్కు ఉంది. ఆ బాన లోపల తేనెమైనం పూస్తారు. తేనె కూడా ముట్టని వీగన్లు ఆ సంగతి చూసుకోవాలి.

మన దేశంలో నాసిక్ సూలా, అక్లూజ్ ఫ్రాటెల్లి, నంది హిల్స్ గ్రోవర్ జంపా పేరున్నవి. వీటికి నేను టిక్కు పెట్టట్లేదు, ఇంటూ పెట్టట్లేదు. ఒకే కంపెనీలో ఎరుపుకి ఒకటి, తెలుపుకి ఇంకొకటి వాడొచ్చు, ఈ ఏడాది మట్టి వేసి వచ్చే ఏడాది ఇంకేదో వెయ్యొచ్చు. విదేశీ సీసాలు బంధువుల చేత తెప్పించుకునేవాళ్లు గుర్తుపెట్టుకోండి, ఒక మనిషికి డ్యూటీ లేకుండా 2 లీటర్లే. అంటే 750 ఎం.ఎల్. సీసాలు రెండు. గుర్తు ఫోటో తీసి వాట్సాప్‌లో పంపి, ఇదుంటేనే కొనండి బావగారూ అని చెప్పండి.

గుర్తు లేని సీసా అయితే ముందు బార్నివోర్ అనే వెబ్‌సైట్‌లో వెతకండి. జనం కంపెనీలకి మెయిల్ పెట్టి, వచ్చిన జవాబుల్ని అక్కడ చేరుస్తుంటారు. అందులో లేకపోతే మీరే మెయిల్ పెట్టండి. "మీ వైన్ వీగనేనా?" అని అడిగితే "అవునండి, ద్రాక్షతోనే చేస్తాం" అని జవాబొస్తుంది, దాంతో పని జరగదు. "ఫలానా వైన్, ఫలానా సంవత్సరం, ఫైనింగ్‌కి ఏం వాడారు?" అని సూటిగా అడగండి. జవాబు వస్తే కింద కామెంట్లో పెట్టండి, సీసా పేరుతో పాటు సంవత్సరం కూడా రాయండి. సంవత్సరం లేని కామెంట్లని పిన్ చెయ్యను, ముందే చెప్తున్నా.