దెబ్బ పడకముందే వినిపించిన రొద

అధ్యక్షుల వారికి, ప్రిన్సిపాల్ గారికి, అధ్యాపక మిత్రులకు, పిల్లలకు నమస్కారం. సైన్స్ దినోత్సవం కాబట్టి డేటా కంప్రెషన్, అంటే ఫైళ్లను కుదించడం గురించి ఏదైనా చెప్పమన్నారు. చెబుతాను.

ఫిబ్రవరి 28 అనగానే అందరికీ గుర్తొచ్చేది రామన్ గారి కాంతి పరిశోధన. నాకు ఆయన మృదంగం పరిశోధన గుర్తొస్తుంది. 1920లో నేచర్ పత్రికలో ఆయన, ఆయన సహచరుడు కలిసి మన వాద్యాల గురించి రాశారు. మామూలు డోలు మీద కొడితే పుట్టే ఉపస్వరాలు, అంటే అసలు స్వరంతో పాటే పైన పలికేవి, ఒకదానితో ఒకటి పొసగవు. మృదంగం కుడి ముఖం మధ్యలో నల్లటి పూత ఉంటుంది చూశారా, దాని బరువు వల్ల ఆ ఉపస్వరాలు తీగ వాద్యంలోలాగా వరసలో కూర్చుంటాయి. ఇది గుర్తుంచుకోండి. మళ్లీ ఇక్కడికే వస్తాను.

ఫైలును ఎంత చిన్నది చేయొచ్చు? 1948లో క్లాడ్ షానన్ అనే అమెరికా గణిత శాస్త్రవేత్త దీనికి గోడ కట్టినంత గట్టిగా జవాబు చెప్పారు. ఏ సందేశంలోనైనా ముందుగా ఊహించలేని భాగం కొంత ఉంటుంది. ఒక్క ముక్కా పోకుండా కుదించాలంటే సగటున అంతకంటే కిందికి దిగడం కుదరదు. పిల్లలకు ఇంకా తేలిగ్గా చెబుతాను. బిట్ అంటే ఒక సున్నా లేదా ఒక ఒకటి. పది బిట్ల ఫైళ్లు 1024 ఉంటాయి. అంతకంటే పొట్టివి, ఖాళీ ఫైలును కూడా కలుపుకుంటే, 1023. అన్నింటినీ పొట్టివి చేస్తే ఏవో రెండు ఒకే చోట పడి తీరాలి. మరి తిరిగి విప్పేటప్పుడు ఏది ఏదని చెబుతారు? ఏ ఫైలునైనా సగం చేస్తామని ఎవరైనా అంటే నమ్మకండి.

పాటల విషయంలో ఈ గోడను దాటలేదు, పక్కనుంచి వెళ్లారు. సీడీలో సెకనుకు 14,11,200 బిట్లు. ఎంపీ3లో 1,28,000 ఉంటే చాలన్నారు. అంటే పదకొండో వంతు! పెద్ద శబ్దం పక్కనున్న చిన్న శబ్దం మన చెవికి ఆనదు కాబట్టి దాన్ని తీసేస్తారు. జర్మనీలో ఆ పని చేసినవాళ్లు గొప్పవాళ్లే, నాకు వాళ్లంటే గౌరవం. కానీ తీసేసింది మళ్లీ రాదు.

మా నాన్నగారు హరికథలకు మృదంగం వాయించేవారు. ఏడు క్యాసెట్లు మిగిల్చి వెళ్లారు. 2004లో ఆరింటిని పట్నంలో ఒక షాపులో ఇచ్చాను. అన్నీ ఒకే సీడీలో పట్టించి ఇస్తామన్నారు. పట్టించారు. సెకనుకు 32 కిలోబిట్లకు, అంటే 32,000 బిట్లకు, నొక్కి పట్టించారు, సీడీ లెక్కలో 44వ వంతు. క్యాసెట్లు ఏవని అడిగితే, ‘ఇంకెందుకు సార్, పారేశాం’ అన్నారు.

ఇంటికొచ్చి పెట్టుకున్నాను. హరిదాసు గారి మాట తెలుస్తోంది, కథ తెలుస్తోంది. నాన్నగారు లేరు. రామన్ గారు వరసలో కూర్చున్నాయని చెప్పిన ఉపస్వరాలకు ఇంకా పైనుండే సన్నటి శబ్దాలను కోసేశారు. అంతకన్నా బాధ ఏమిటంటే, ప్రతి దెబ్బకూ ముందు ఒక సన్నటి రొద. ఎంపీ3 శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలుగా తీసుకుంటుంది. ముక్క చివర్లో దెబ్బ పడినా, కుదించడంలో వచ్చే తప్పు ముక్కంతా పరుచుకుంటుంది, దెబ్బకు ముందుకు కూడా. చెయ్యి పడకముందే మృదంగం మోగినట్టు ఉంటుంది. నేను ఇరవై ఏళ్లుగా ఆ రొద వింటున్నాను.

మీ ఇళ్లలో అటక మీద క్యాసెట్లున్నవాళ్లు చేతులెత్తండి. చూశారా, ఎంతమందో! దయచేసి పారేయకండి. ముందు ఏమీ కుదించకుండా ఎక్కించండి. చోటు చాలకపోతే ఫ్లాక్ అనే రకం ఫైలుగా పెట్టండి, సుమారు సగానికి తగ్గుతుంది, ఒక్క బిట్ కూడా పోదు. ఫోన్లో పంపుకోవడానికి కావాలంటే ఆ తర్వాత ఎంపీ3 చేసుకోండి.

ఇక రాబోయే కాలం గురించి. 2021లో గూగుల్ వాళ్ల లైరా అనే కుదింపు పద్ధతి మాటను సెకనుకు 3 కిలోబిట్లకు దించింది. పాత జీఎస్ఎం ఫోన్ 13 వాడేది. లైరా కొన్ని గుర్తులే పంపుతుంది. వేల గంటల మాటలు విని నేర్చుకున్న అవతలి యంత్రం వాటిని బట్టి గొంతును కొత్తగా తయారుచేస్తుంది. ఫోన్ మాటలకు ఇది వరమే, సిగ్నల్ సరిగా లేని ఊళ్లకు మరీ. కానీ దాచుకోవాల్సిన వాటి సంగతేమిటి? 2013లో జర్మనీలో డేవిడ్ క్రీజెల్ అనే ఆయన ఒక ఇంటి ప్లాన్‌ను జెరాక్స్ కంపెనీ మెషీన్లో స్కాన్ చేశారు. మూడు గదుల వైశాల్యాలు వేరు వేరు. స్కాన్‌లో మూడింటికీ 14.13 వచ్చింది. ఫైలును కుదించడానికి, ఒకేలా ఉన్నాయనిపించిన ముక్కలను ఒకదాని బదులు ఒకటి వాడేసింది మెషీన్. మసక లేదు, అంకె శుభ్రంగా ఉంది, అది తప్పంతే. ఎంపీ3 పాడుచేస్తే రొద వినిపించి మనకు తెలుస్తుంది. కొత్తవి పాడుచేస్తే తెలియదు. మా నాన్నగారి దెబ్బ బదులు ఇంకెవరిదో చక్కటి దెబ్బ వినిపిస్తుంది, నేను ఆయనదే అనుకుంటాను.

టైమ్ అయిందని చీటీ వచ్చింది. రెండు నిమిషాలు ఇవ్వండి.

ఏడో క్యాసెట్ మా చెల్లెలి పెట్టెలో దొరికింది. అందులో ఒక తనియావర్తనం, అంటే మృదంగం ఒక్కటే మోగే ఘట్టం, ఉంది. ముందు 32 కిలోబిట్లది వినిపిస్తాను, తర్వాత అసలుది. వెనక కూర్చున్న పిల్లలు స్పీకర్ దగ్గరికి రండి. బాబూ, ఆ ఫ్యాన్లు కాసేపు ఆపుతావా?