చిన్న స్టీరియోకు ఏ సబ్‌వూఫర్ తీసుకోవాలి? సిమెంటు గదుల్లో పాట వినేవారి కోసం

నమస్కారం. విజయనగరం నుంచి మాట్లాడుతున్నాను. రెండు బుక్‌షెల్ఫ్ స్పీకర్లు, ఒక చిన్న యాంప్లిఫయర్ పెట్టుకుని ఇంట్లో శ్రద్ధగా పాట వినేవారు, వాటికి తోడుగా ఒక సబ్‌వూఫర్ (లోతైన అడుగు స్వరాలను, అంటే బాస్‌ను, పలికించే పెట్టె) కొనాలనుకున్నప్పుడు ఏమేమి చూసుకోవాలో ఈ వీడియోలో చెబుతాను. సినిమాల్లో పేలుళ్ళు దద్దరిల్లడం కోసం కొనే సబ్‌వూఫర్ల జోలికి ఈ రోజు వెళ్ళను. సంగీతానికి కావలసిన గుణాలు వేరు, వాటిని ఎంచుకునే తీరూ వేరు.

ముందుగా అది మీకు నిజంగా అవసరమా అన్నది తేల్చుకోవాలి. నాలుగైదు అంగుళాల వూఫర్ (బాస్ పలికే భాగం) ఉన్న చిన్న స్పీకర్లు సాధారణంగా 60, 70 హెర్ట్జ్ దగ్గరికి దిగేసరికి బలం కోల్పోతాయి. హెర్ట్జ్ అంటే సెకనుకు ఎన్ని కంపనాలు అన్న కొలత; అంకె తగ్గేకొద్దీ స్వరం లోతుగా ఉంటుంది. ఒకటి శ్రుతిలో, అంటే సుమారు 131 హెర్ట్జ్ షడ్జంగా పాడే గాయకుని వెనుక మోగే తంబురాలో, మంద్ర షడ్జం తీగ 65 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. చిన్న స్పీకర్లో ఆ తీగ పూర్తిగా మాయమైపోదు. దాని పైన పుట్టే హార్మోనిక్స్, అంటే దానికి రెట్టింపు, మూడింతల హెర్ట్జ్‌లో పలికే పై స్వరాలు, విని మన చెవి అసలు స్వరాన్ని తానే పూరించుకుంటుంది. కానీ అలా పూరించుకున్న స్వరానికి నిండుదనం రాదు. గాయకుడు గాలిలో నిలబడి పాడుతున్నట్టు ఉంటుంది. బేస్ గిటార్ అడుగు తీగ 41 హెర్ట్జ్ దగ్గర, పియానో ఎడమ చివరి మెట్టు 27.5 హెర్ట్జ్ దగ్గర ఉంటాయి కనుక, అలాంటి వాద్యాలు ఉన్న సంగీతం వినేవారికి లోటు మరీ స్పష్టంగా తెలుస్తుంది.

అయితే మీరు ఎక్కువగా వినేది 1950ల నాటి సినిమా పాటలే అనుకోండి. మన ఊరి సంగీత కళాశాలలో చదువుకున్న ఘంటసాల గారి పాటలూ, ఈ ఊళ్ళోనే పుట్టిన సుశీల గారి తొలినాళ్ళ పాటలూ ఇక్కడ ఎంత ప్రేమగా వింటారో నేను వేరే చెప్పనక్కరలేదు. ఆనాటి రికార్డింగుల్లో 60 హెర్ట్జ్ కింద నిలిచి ఉన్నది చాలా తక్కువ. వాటి కోసమే అయితే ఆ డబ్బు ఇంకాస్త మంచి స్పీకర్ల మీద పెట్టడం మేలని నా అభిప్రాయం.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది మీ గది. మనం చూసే ఇంగ్లీషు రివ్యూలలో చాలా భాగం అమెరికా ఇళ్ళలో చేసినవి. అక్కడ చెక్క చట్రానికి జిప్సం పలకలు బిగించిన గోడలు ఎక్కువ. లోతైన బాస్ తగిలినప్పుడు ఆ గోడ కొద్దిగా ఊగి, కొంత శబ్దాన్ని మింగి, కొంత బయటికి పోనిస్తుంది. మన ఇళ్ళలో నాలుగు పక్కలా ఇటుక గోడలు, పైన కాంక్రీటు శ్లాబు, కింద టైల్సు. వాటికి తగిలిన బాస్ దాదాపు అంతా తిరిగి గదిలోకే వస్తుంది. అందుచేత అక్కడ ఎవరో సరిపోలేదన్న సబ్‌వూఫర్ మన దగ్గర ఎక్కువైపోవచ్చు, అక్కడ మెచ్చుకున్నది ఇక్కడ భరించలేనిదిగా తయారుకావచ్చు.

దీనికి లెక్క ఉంది, కష్టమైనది కాదు. శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. ఆ సంఖ్యను గది పొడవుకు రెట్టింపుతో భాగిస్తే, ఆ రెండు గోడల మధ్య ఏ స్వరం చిక్కుకుని ఉబ్బుతుందో తెలుస్తుంది. పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు ఉన్న గదిని తీసుకుందాం. పన్నెండు అడుగులంటే 3.66 మీటర్లు, కాబట్టి ఆ దిక్కున 47 హెర్ట్జ్. పది అడుగుల దిక్కున 56 హెర్ట్జ్. శ్లాబు ఎత్తు కూడా పది అడుగులే అయితే ఆ 56 హెర్ట్జ్ రెండు దిక్కులలోనూ పోగుపడుతుంది. అప్పుడు పాటలో ఆ స్వరం తగిలిన ప్రతిసారీ గది దాన్ని పట్టుకుని సాగదీస్తుంది. పక్కనున్న స్వరాలు మామూలుగా ఉంటాయి, అదొక్కటి మాత్రం బుంగలో ఊదినట్టు మోగుతుంది. దానికి తోడు గదిలో ఇనప బీరువా ఉంటే దాని తలుపులు సన్నగా జిరజిరమంటాయి. ఆ చప్పుడు సబ్‌వూఫర్ లోపమని భ్రమపడేవారు చాలామంది. బీరువా తలుపు మీద అరచెయ్యి ఆనించి చూడండి. చప్పుడు ఆగిపోతే తప్పు సబ్‌వూఫర్‌ది కాదు. తలుపు అంచుకు సన్నని రబ్బరు పట్టీ అంటిస్తే సరిపోతుంది.

ఈ కారణం చేతనే, చిన్న సిమెంటు గదిలో సంగీతం వినేవారికి సీల్డ్ సబ్‌వూఫర్, అంటే గాలి రంధ్రం లేని మూసిన పెట్టె, సరైనదని నేను గట్టిగా నమ్ముతున్నాను. పోర్టు, అంటే ఆ గాలి రంధ్రం, ఉన్న పెట్టె దాని హద్దు వరకు బలంగా పలికి, ఆ కింద ఆక్టేవ్‌కు (హెర్ట్జ్ సగమయ్యే ప్రతి మెట్టుకు) 24 డెసిబెల్స్ (గట్టితనానికి కొలత) చొప్పున ఒక్కసారిగా పడిపోతుంది. సీల్డ్ పెట్టె కాస్త ముందుగానే తగ్గడం మొదలుపెట్టినా, 12 డెసిబెల్స్ చొప్పున నెమ్మదిగా దిగుతుంది. గది కొలతలను బట్టి వచ్చే ఆ మొదటి స్వరానికి కింద, మూసిన చిన్న గది తనంతట తానే బాస్‌ను కొంత పెంచుతుంది గనుక, ఈ నెమ్మదైన దిగుడుకు ఆ పెంపు చక్కగా సరిపోతుంది. మృదంగం తొప్పి మీద పడిన దెబ్బ ఎంత త్వరగా మొదలైందో అంత త్వరగా ఆగడం కూడా ముఖ్యమే. పోర్టు మోత ఆ ఆగడాన్ని కొంత సాగదీస్తుంది. వేగంగా నడిచే తనియావర్తనం, అంటే కచేరీలో లయవాద్యాలు మాత్రమే మోగే భాగం, వింటే ఈ తేడా బాగా తెలుస్తుంది. రెండు దెబ్బల మధ్య ఖాళీ ఖాళీగా ఉందా, లేక మసకబారిందా అన్నది గమనించండి.

వాట్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. శక్తిని రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే. పెట్టె మీద పీఎంపీఓ (క్షణకాలపు గరిష్ఠ శక్తి) అని రాసిన వేల వాట్లను అసలు లెక్కలోకి తీసుకోవద్దు; ఆర్‌ఎంఎస్ (నిలకడగా ఇవ్వగల శక్తి) అంకె మాత్రమే చూడండి. వాట్ల కంటే కోన్ (ముందుకూ వెనక్కూ కదిలి గాలిని నెట్టే గిన్నె లాంటి భాగం) వైశాల్యం ఎక్కువ చెబుతుంది. ఎనిమిది అంగుళాల కోన్ కంటే పన్నెండు అంగుళాల కోన్ వైశాల్యం 2.25 రెట్లు. అదే గట్టితనంతో ఒక ఆక్టేవ్ కిందికి దిగాలంటే కోన్ నాలుగు రెట్ల గాలిని కదిలించాలి. చిన్న గదిలో, మధ్యస్థమైన వాల్యూంలో ఎనిమిది లేదా పది అంగుళాలు చాలు. కోన్ చుట్టూ ఉండే మెత్తని అంచు మాత్రం రబ్బరుదై ఉండాలి. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల వేడికీ తేమకూ ఫోమ్ అంచులు కాలక్రమంలో పొడిపొడిగా రాలిపోతాయి.

కొన్ని మోడళ్ళ పేర్లు చెప్పుకుందాం. పోక్ పీఎస్‌డబ్ల్యు10 పది అంగుళాల కోన్, 50 వాట్ల ఆర్‌ఎంఎస్, పోర్టు ఉన్న పెట్టె. స్పీకర్ తీగలతోనే కలుపుకోవచ్చు, అది దానికున్న మంచి గుణం. కానీ దాని క్రాసోవర్ నాబ్ (సబ్‌వూఫర్ ఏ స్వరం దాకా పలకాలో నిర్ణయించేది) 80 హెర్ట్జ్ కంటే కిందికి దిగదు. మీ స్పీకర్లు 55 వరకు పలికేవైతే, 55 నుంచి 80 దాకా రెండూ కలిసి పలికి బాస్ బరువెక్కుతుంది. మరీ చిన్న స్పీకర్లు ఉన్నవారికి అది అడ్డంకి కాదు. రెల్ టీ/5ఎక్స్ ఎనిమిది అంగుళాల సీల్డ్ పెట్టె, కోన్ నేల వైపు చూస్తుంది, 125 వాట్లు. పది బై పన్నెండు గదిలో సంగీతం మాత్రమే వినేవారికి నేను మొదట సూచించేది ఇలాంటి పెట్టెనే. ఎస్‌వీఎస్ ఎస్‌బీ-1000 ప్రో పన్నెండు అంగుళాల సీల్డ్, 325 వాట్ల ఆర్‌ఎంఎస్. చిన్న గదికి అది ఎక్కువే. అయినా ఫోన్ యాప్‌లో ఉన్న ఈక్వలైజర్‌తో ఇందాక చెప్పిన 56 హెర్ట్జ్ లాంటి ఉబ్బును నేరుగా తగ్గించవచ్చు. ఆ ఒక్క సౌకర్యం కోసం అయినా దాన్ని పరిశీలించవచ్చు.

కొనేముందు మీ యాంప్లిఫయర్ వెనుక భాగం చూడండి. సబ్ అవుట్ అనే ఆర్‌సీఏ రంధ్రం ఉంటే ఒక్క తీగతో పని అయిపోతుంది. లేకపోతే స్పీకర్ టెర్మినళ్ళ నుంచి సిగ్నల్ తీసుకునే హై లెవెల్ ఇన్‌పుట్ ఉన్న సబ్‌వూఫరే కావాలి. ఇక్కడ ఒక జాగ్రత్త చాలా అవసరం. ఇప్పుడు చవకగా దొరికే చిన్న క్లాస్ డీ యాంప్లిఫయర్లలో చాలావాటికి నల్ల టెర్మినల్ గ్రౌండ్ (సిగ్నల్ లేని సున్నా వైపు) కాదు. అందులోనూ సిగ్నల్ ఉంటుంది. రెండు చానళ్ళ నల్ల టెర్మినళ్ళను కలిపినా, వాటిని సబ్‌వూఫర్ గ్రౌండుకు తగిలించినా యాంప్లిఫయర్ కాలిపోయే ప్రమాదం ఉంది. అలాంటి యాంప్లిఫయర్‌కు తీగలు ఎలా కలపాలో రెండింటి మాన్యువల్స్ చదివి నిర్ధారించుకున్నాకే స్విచ్ వేయండి.

పెట్టె ఇంటికి వచ్చాక మూలలో పెట్టేయాలని అనిపిస్తుంది. మూలలో మోత ఎక్కువ వస్తుంది, గది ఉబ్బులన్నీ అక్కడే పూర్తిగా రేగుతాయి. మీరు కూర్చుని వినే కుర్చీని పక్కకు జరిపి, సబ్‌వూఫర్‌ను ఆ చోటనే ఉంచి, బాస్ స్వరాలు మెట్లు మెట్లుగా నడిచే పాట ఒకటి పెట్టి, గోడల వెంబడి వంగి నడుస్తూ వినండి. ఏ చోట అన్ని స్వరాలూ సమానంగా వినిపిస్తాయో ఆ చోట సబ్‌వూఫర్ పెట్టి, కుర్చీని దాని స్థానంలోకి తెచ్చుకోండి. క్రాసోవర్‌ను మీ స్పీకర్ల హద్దుకు దగ్గరగా, 60 లేదా 70 దగ్గర మొదలుపెట్టండి. ఫేజ్ స్విచ్‌ను (సబ్‌వూఫర్ కదలికను స్పీకర్ల కదలికతో జతపరిచేది) సున్నాలోనూ, 180 డిగ్రీలలోనూ ఉంచి విని, ఎటు ఉంచితే బాస్ నిండుగా ఉందో అటే వదిలేయండి. వాల్యూం చివర. సబ్‌వూఫర్ మోగుతోందని విడిగా తెలిసేంత వరకు పెంచి, ఆ తెలియడం పోయేంత వరకు తగ్గించాలి. సరిగ్గా కుదిరిందో లేదో తెలియాలంటే పాట మధ్యలో సబ్‌వూఫర్ ఆపి చూడండి. స్పీకర్లే ఒక్కసారిగా చిన్నవైపోయినట్టు అనిపించాలి.

మిగిలింది కరెంటు సంగతి. పాట లేనప్పుడు కూడా సన్నగా హమ్ వినిపిస్తే, అది చాలాసార్లు మన 50 హెర్ట్జ్ కరెంటు నుంచి గ్రౌండ్ లూప్ (రెండు పరికరాల ఎర్త్ తీగలూ సిగ్నల్ తీగా కలిసి ఏర్పడే వలయం) ద్వారా వచ్చేది. యాంప్లిఫయర్‌నూ సబ్‌వూఫర్‌నూ ఒకే స్విచ్ బోర్డు నుంచి నడిపితే చాలావరకు పోతుంది. కొందరు ప్లగ్గులో ఎర్త్ పిన్ను తీసేయమని సలహా ఇస్తారు. ఎట్టి పరిస్థితిలోనూ ఆ పని చేయకండి. హమ్ పోవచ్చు గానీ, లోపల లోపం వస్తే కరెంటు మనిషి గుండా నేలకు పోతుంది. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద ఉన్నప్పుడు మాత్రమే బుర్రుమనే శబ్దం వస్తుంటే, ఆ ఇన్వర్టర్ సైన్ వేవ్ రకం కాదేమో చూసుకోండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే ఆ కాసేపు సబ్‌వూఫర్ ప్లగ్గు తీసి ఉంచడమే మంచిది.