గెడ్డ దాటిన బండికి గేర్ ఆయిల్

డ్రైవరు అన్నలకు, మేస్త్రీలకు, సొంత బండి ఉన్నవాళ్ళకు నమస్కారం.

విశ్వకర్మ పూజకు షెడ్లన్నీ కడుక్కుని పానాలకు కూడా పసుపు కుంకుమ పెట్టుకున్నాం. దసరాకి బండ్లకు దండలు కడతాం, చక్రాల కింద నిమ్మకాయలు పెడతాం. ఈ రెండు పండగల మధ్య రోజుల్లో ఒక పూట బండి కిందికి దూరండి. జూన్ నుంచి ఇప్పటిదాకా ఒడిశాలోని రాయగడ, కాశీపూర్, లక్ష్మీపూర్, నారాయణపట్నం వైపు తిరిగిన, నాలుగు చక్రాలూ లాగే ఫోర్‌వీల్ బండి ఎన్ని గెడ్డలు (వాగులు) దాటిందో ఎవరూ లెక్కపెట్టరు. ఇంజిన్ ఆయిల్ మార్చిన తేదీ అందరికీ గుర్తుంటుంది. వెనక ఇరుసు మధ్య ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టె (డిఫరెన్షియల్), ముందు ఇరుసుకు అలాంటిదే ఇంకొకటి, మధ్యలో ఆ బలాన్ని ముందుకూ వెనక్కూ పంపే ట్రాన్స్‌ఫర్ కేసు, ఈ మూడింటి ఆయిల్ సంగతి అడిగితే చాలామంది దగ్గర జవాబు లేదు.

కందెన వేయని బండికి కావలసినంత సంగీతం అన్నారు పెద్దలు. ఎడ్లబండి ఇరుసు ఎండితే ఆ పూటే కీచుమంటుంది, బండివాడు దిగి కందెన రాస్తాడు. డిఫరెన్షియల్ అలా కాదు. నీళ్ళు చేరినా, ఆయిల్ సగానికి దిగినా చాలా దూరం చప్పుడు లేకుండా తిరుగుతుంది. మోత మన చెవిన పడేసరికి లోపలి పెద్ద పళ్ళచక్రం (క్రౌను), దాన్ని తిప్పే చిన్నది (పినియన్), ఈ రెండింటి పళ్ళ మీద గట్టి పొర లేచిపోయి ఉంటుంది. అప్పుడు ఎంత మంచి ఆయిల్ పోసినా అరిగిన ఇనుము తిరిగి రాదు. అందుకే మోత కోసం ఎదురుచూడకుండా ప్లగ్గు విప్పి చూడమంటున్నాను.

నీళ్ళు లోపలికి ఎలా పోతాయో ముందు చూద్దాం. సుంకి ఘాటీ కొండదారిలో లోడుతో ఎక్కిన బండి డిఫరెన్షియల్ పెట్టె (హౌసింగ్) చెయ్యి ఆనించలేనంత కాలుతుంది. లోపలి గాలి వేడికి వ్యాకోచిస్తుంది. ఆ గాలి బయటికి పోవడానికి హౌసింగ్ పైన చిన్న బ్రీదర్ ఉంటుంది. అదే బండి తిన్నగా గెడ్డలో దిగితే చల్లని నీళ్ళకు హౌసింగ్ ఒక్కసారిగా చల్లారి, లోపలి గాలి కుంచించుకుపోయి బయటి నుంచి పీలుస్తుంది. బ్రీదర్ నోరు నీళ్ళలో మునిగి ఉంటే నీళ్ళనే పీలుస్తుంది. బ్రీదర్ ఎర్రమట్టితో మూసుకుపోయి ఉంటే యాక్సిల్ (ఇరుసు) సీలు, పినియన్ సీలు, అంటే ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగుల అంచుల్లోంచి లాగుతుంది. సీలు అంచు లోపలి ఆయిల్‌ను ఆపడానికి చేసింది, బయటి నీళ్ళ ముందు దాని బలం తక్కువ. కాబట్టి ఘాటీ దిగి గెడ్డ ఒడ్డుకు వచ్చినప్పుడు పది, పదిహేను నిమిషాలు బండి ఆపి చల్లారనిచ్చి దాటడం మంచిది. బ్రీదర్‌కు ఆయిల్ తట్టుకునే రబ్బరు పైపు తగిలించి ఛాసిస్ కంటే పైకి, వీలైతే ఇంజిన్ గదిలోకి తీసుకుపోయి మూతి కిందికి వంచి కట్టండి. పైపు ఎక్కడా నలగకూడదు, వేలాడి మధ్యలో నీళ్ళు నిలిచే వంపు ఉండకూడదు. ఇంతకంటే చవకైన రక్షణ ఈ బండికి ఇంకొకటి లేదు.

ఇక ఏ ఆయిల్. దుకాణంలో "నైంటీ ఆయిల్ ఇవ్వండి" అంటే సరిపోదు. డిఫరెన్షియల్‌లో పినియన్ అనేది క్రౌను మధ్యగీత కంటే కిందికి కూర్చుంటుంది. దాంతో పళ్ళు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు, గట్టిగా ఒరుసుకుంటూ జారతాయి. ఆ ఒత్తిడిలో మామూలు ఆయిల్ పొర చిరిగిపోతుంది. గంధకం, భాస్వరం ఉన్న మందు కలిపిన జీఎల్-5 రకం ఆయిల్ అక్కడ ఇనుము మీద కాపలా పొర కడుతుంది. డబ్బా విప్పగానే వచ్చే ఘాటు వాసన దానిదే. చిక్కదనం చెప్పే అంకె 80డబ్ల్యూ-90 గానీ 75డబ్ల్యూ-90 గానీ, బండి పుస్తకం ఏది చెబితే అది. కొన్ని గేరుబాక్సుల్లో గేరు సాఫీగా పడడానికి ఇత్తడి సింక్రో రింగులు ఉంటాయి. అక్కడ పుస్తకం జీఎల్-4 అని చెప్పినప్పుడు, డిఫరెన్షియల్‌కు తెచ్చిన డబ్బాలో మిగిలింది కదా అని జీఎల్-5 పోయకండి. ఆ మందు ఇత్తడిని తినే ప్రమాదం ఉంది.

మోత వస్తోందని 140 ఆయిల్ పోసే అలవాటు మన షెడ్లలో ఉంది. పుస్తకం చెప్పని చోట అది తప్పు. చిక్కటి ఆయిల్ మోతను కప్పుతుందే గానీ అరుగుదలను ఆపదు. కోరాపుట్, పొట్టంగి చలికాలపు పొద్దుల్లో అది బెల్లంపాకంలా కదలక, ముందుకు ఉన్న పినియన్ బేరింగ్‌కు చేరడానికి ఆలస్యం చేస్తుంది. బండి కొనేవాడి చెవి నుంచి ఆ మోత దాచడమంటే అతన్ని మోసం చేయడమే.

ట్రాన్స్‌ఫర్ కేసు దగ్గర ఇంకా జాగ్రత్త. జిప్సీలో, పాత జీపుల్లో అది గేర్లతో నడుస్తుంది, గేర్ ఆయిలే పోస్తాం. గొలుసుతో నడిచే చాలా కేసుల్లో ఎర్రగా, పల్చగా ఉండే ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేరుబాక్సు ఆయిల్) పోయాలి. అలాంటి దాంట్లో నైంటీ పోస్తే లోపలి చిన్న పంపు దాన్ని సరిగా లాగలేదు, పై బేరింగులు ఎండుతాయి. గేర్ల కేసులో ఏటీఎఫ్ పోస్తే పల్చనై పళ్ళు అరుగుతాయి, సీళ్ళలోంచి కారుతుంది. అంచనాతో పోయకండి, పుస్తకం తెరవండి. వెనక ఒక్క చక్రమే ఊరికే తిరిగిపోకుండా ఆపే లిమిటెడ్ స్లిప్, మెకానికల్ లాకింగ్ లాంటి ఏర్పాటు ఉంటే దాని ఆయిల్, అందులో ప్రత్యేక మందు కలపాలా వద్దా అన్నది కూడా అందులోనే ఉంటుంది.

ఇప్పుడు పనిలోకి దిగుదాం. బండిని పావుగంట తిప్పండి. ఆయిల్ గోరువెచ్చనైతే అడుగున కూర్చున్న ముద్దతో సహా జారుతుంది. ఘాటీ ఎక్కి వచ్చిన వెంటనే మాత్రం విప్పకండి, చెయ్యి కాలుతుంది. బండి కింద నిలబడి పనిచేసే గొయ్యి (పిట్) ఉంటే దాని మీద, లేకపోతే నాలుగు చక్రాల దగ్గరా గట్టి స్టాండ్లు వేసి బండిని సమంగా నిలపండి. ఒక్క జాకీ మీద నిలబెట్టిన బండి కిందికి ఎవరినీ పంపకండి, కుర్రాణ్ణి అసలే పంపకండి. వెనక ఒక్కటే పైకెత్తితే ప్రమాదం ఒకటి, ఆయిల్ మట్టం తప్పుగా కనబడడం ఇంకొకటి.

వైరు బ్రష్‌తో ప్లగ్గుల చుట్టూ మట్టి దులిపి గుడ్డతో తుడవండి. ఎండిన ఎర్రమట్టి పెళ్ళ ఒక్కటి లోపల పడినా అది బేరింగ్‌కు ఉప్పుకాగితమే. ఆ తర్వాత ముందుగా విప్పాల్సింది పై ప్లగ్గు, అంటే ఆయిల్ పోసే ప్లగ్గు. కింది ప్లగ్గు తీసి ఆయిల్ అంతా వదిలేశాక పై ప్లగ్గు రాకపోతే బండి కదలదు. ఇది ఎంత అనుభవం ఉన్న షెడ్డులోనైనా జరిగే పొరపాటే. చాలా ప్లగ్గులకు అరంగుళం చదరపు గుంట ఉంటుంది, కొన్నిటికి 10 మి.మీ. ఆలెన్, కొన్నిటికి 24 మి.మీ. తల. గుంటలో మట్టిని మేకుతో గీకి తీసి పానా పూర్తిగా లోపలికి దిగాకే బలం పెట్టండి. రాకపోతే తుప్పు వదిలించే నూనె వేసి ఆగండి, సుత్తితో నిటారుగా రెండు దెబ్బలు వేయండి, ముందు కొంచెం బిగించే వైపు కదిపి తర్వాత విప్పండి. పైపు పానాతో తల గుండ్రం చేస్తే అక్కడి నుంచి వెల్డింగు పనే.

కింది ప్లగ్గు తీసి పావుగంటైనా కారనివ్వండి. ఈ పావుగంటలోనే బండి జాతకం తెలుస్తుంది. ప్లగ్గు చివర అయస్కాంతం ఉంటే దాని మీద బూడిదరంగు ముద్ద ఉంటుంది. రెండు వేళ్ళ మధ్య నలపండి. కాటుకలా మెత్తగా సాగిపోతే అది మామూలు అరుగుదల, భయం లేదు. వేలికి గుచ్చుకునే రవ్వ, బియ్యపుగింజంత ముక్క, పొరలా లేచిన రేకు కనబడితే బేరింగో పన్నో విరుగుతోందని అర్థం. కొత్త ఆయిల్ పోసి మూసేయకుండా హౌసింగ్ విప్పించండి. ఆయిల్ రంగు పాలు కలిపిన టీలా ఉంటే నీళ్ళు చేరాయి. అనుమానంగా ఉంటే కొంచెం గాజుసీసాలో పట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి, తెల్లారేసరికి అడుగున నీటి చార తేలవచ్చు. మాడు వాసనతో నల్లగా ఉంటే బాగా వేడెక్కింది, లేదా ఆయిల్ తక్కువై నడిచింది. కారినదాన్ని కొలవండి కూడా. రెండు లీటర్లు పట్టేచోట లీటరే వస్తే మిగతాది ఎక్కడికి పోయిందో వెతకాలి.

నీళ్ళు చేరిన హౌసింగ్‌ను డీజిల్‌తో కడగడం మనవాళ్ళకు అలవాటు. యాక్సిల్ గొట్టాల్లో నిలిచిన డీజిల్ పూర్తిగా రాదు, కొత్త ఆయిల్‌ను పల్చన చేస్తుంది. దాని బదులు అదే రకం ఆయిల్ చవకది పోసి కొన్ని కిలోమీటర్లు తిప్పి మళ్ళీ వదిలేయండి. ఆ తర్వాత మంచిది పోయండి. ఖర్చు పెరుగుతుంది, నిజమే. క్రౌను పినియన్ సెట్టు ధర ముందు అది లెక్కలోకి రాదు.

కొన్ని బండ్లకు కింది ప్లగ్గే ఉండదు. వాటికి పంపుతో పీల్చాలి, లేదా వెనక మూత విప్పాలి. మూత విప్పితే పైన రెండు బోల్టులు వదులుగా ఉంచి కిందివి తీయండి, ఆయిల్ మీద పడదు. మూత అతికే చోట ఉండే పాత గ్యాస్కెట్ గీకేటప్పుడు మూత, హౌసింగ్ కలిసే అంచుల మీద గీతలు పడకూడదు. సిలికాన్ గమ్ము సన్నని తీగలా, బోల్టు రంధ్రాలకు లోపలి వైపుగా పెట్టి, ట్యూబు మీద రాసినంత సేపు ఆరాకే ఆయిల్ పోయండి.

ప్లగ్గుకు రాగి లేదా అల్యూమినియం వాషర్ ఉంటే కొత్తది వేయండి, పాతది ఒకసారి నలిగిపోయింది. బిగింపు ఎంతో పుస్తకంలో ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ కేసు చాలా బండ్లలో అల్యూమినియం కాబట్టి, పానాకు పైపు తొడిగి బిగించే చేతివాటం అక్కడ మరలు ఊడదీస్తుంది.

పోయడం చేతిపంపుతో అయితే సులువు, లేకపోతే గరాటుకు పొడుగు పైపు తగిలించి పై నుంచి పోయండి. ఒక్కో డిఫరెన్షియల్‌కు బండిని బట్టి లీటరు నుంచి రెండున్నర లీటర్ల దాకా, ట్రాన్స్‌ఫర్ కేసుకు లీటరు నుంచి రెండు లీటర్ల దాకా పట్టవచ్చు. పై రంధ్రం కింది అంచు దాకా వచ్చి బయటికి కారడం మొదలైతే నిండినట్టు. అప్పుడే మూయకండి. ఆయిల్ యాక్సిల్ గొట్టాల్లోకి పారడానికి పది నిమిషాలు ఆగి, చిటికెన వేలు మొదటి గణుపు దాకా లోపలికి వంచి చూడండి. వేలికి తడి తగలకపోతే ఇంకా పోయండి. ఎక్కువ పోస్తే మేలని అనుకోవద్దు. మట్టం పెరిగితే నురగ కట్టి బ్రీదర్‌లోంచి తన్నుతుంది, యాక్సిల్ సీలు దాటి బ్రేకు డ్రమ్ములోకి దిగుతుంది. గేర్ ఆయిల్ తాగిన బ్రేకు షూతో ఘాటీ దిగడం ప్రాణాపాయం.

ట్రాన్స్‌ఫర్ కేసుకూ ఇదే వరస. పాత జీపుల్లో గేరుబాక్సు మట్టం తగ్గి, ట్రాన్స్‌ఫర్ కేసు మట్టం పెరిగి కనిపిస్తే మధ్య సీలు అరిగి ఆయిల్ అటు పారుతోందని గుర్తు. పని అయ్యాక మట్టిరోడ్డు మీద ఫోర్ హై, ఫోర్ లో (నాలుగు చక్రాలూ లాగే వేగపు గేరు, నిదానపు గేరు) రెండూ వేసి నెమ్మదిగా కొంత దూరం తిప్పండి. ముందు, వెనక ఇరుసులకు మధ్య ఇంకో డిఫరెన్షియల్ లేని బండిని ఎండిన తారు మీద ఫోర్ హైలో నడపకండి, ముందు వెనక షాఫ్టులు ఒకదాన్నొకటి మెలిపెట్టుకుంటాయి. ముందు చక్రాల హబ్బులు ఫ్రీలో పెట్టుకుని (ఇరుసు నుంచి విడదీసి) ఏడాదంతా వెనక రెండు చక్రాల లాగుడు మీదే తిరిగామన్నా ముందు డిఫరెన్షియల్‌ను వదలకూడదు. గెడ్డలో అదే ముందు మునుగుతుంది.

పినియన్ సీలు కారుతోందని వెంటనే సీలు మార్చేవాళ్ళకు ఒక మాట. ముందు బ్రీదర్ ఊది చూడండి. అది మూసుకుపోయి ఉంటే లోపలి ఒత్తిడి కొత్త సీలునూ నెట్టేస్తుంది.

ఎన్నాళ్ళకోసారి అని అడుగుతారు. పుస్తకంలో మామూలు వాడకానికి 40 వేల కిలోమీటర్లు అని ఉన్నా, మన ఘాటీలకు, లోడుకు, గెడ్డలకు సగానికే మార్చడం మేలు. హౌసింగ్ మునిగేంత నీళ్ళు దాటిన బండికి కిలోమీటర్లతో పని లేదు, ఆ వారమే ప్లగ్గు విప్పి చూడాలి. తీసిన పాత ఆయిల్ డబ్బాలో పట్టి మూతపెట్టి, పాత ఆయిల్ కొనే లైసెన్సు ఉన్నవాళ్ళకే ఇవ్వండి. షెడ్డు వెనక కాలవలో పోస్తే అది నాగావళిలో, వంశధారలో కలిసి కింద మన ఊళ్ళకే వస్తుంది. మార్చిన తేదీ, మీటరు అంకె, పోసిన ఆయిల్ రకం పెయింటుతో తలుపు లోపలి అంచున రాయండి. మూడు రోజులు తిరిగాక ఒకసారి కిందికి వంగి మూడు చోట్లా ప్లగ్గుల చుట్టూ తడి ఉందేమో పొడి గుడ్డతో తుడిచి చూసుకోండి.